టీవీలో కథ, టీవీలో నిజం

సాయంత్రం అయ్యేసరికి ఊళ్ళో ఏ ఇంటి ముందు నుంచి నడిచినా సీరియల్ పాటే వినిపిస్తుంది. పొయ్యి మీద కూర ఉన్నా సరే, మంట తగ్గించి వచ్చి కూర్చుంటారు. పొద్దంతా ఒళ్ళు వంచి పని చేసిన మనిషి అరగంట కూర్చుని కథ చూస్తే తప్పేముంది? "ఆడవాళ్ళు సీరియళ్ళు చూసి చెడిపోతున్నారు" అని కొందరు అంటుంటారు. వాళ్ళు అనేది రచ్చబండ మీద కూర్చుని పేకాడుతూనే. వాళ్ళ మాట పక్కన పెడదాం.

మనం మాట్లాడుకోవలసింది వేరే ఉంది. టీవీలో చూసేదాంట్లో ఏది కథ? ఏది నిజం? దాన్ని మనకు చూపించేది ఎవరు?

సీరియల్ అంటే అందరికీ తెలుసు. ఒకరు కథ అల్లుతారు. ఒకరు మాటలు రాస్తారు. నటులు నటిస్తారు. డాక్యుమెంటరీ అని ఇంకో రకం ఉంది. ఇందులో నటులు ఉండరు. నిజంగా ఉన్న మనుషులే ఉంటారు. కెమెరా వాళ్ళ వెంట ఇంటికి, చేనుకు, కచేరీకి వెళుతుంది. వాళ్ళు చేసే పని, మాట్లాడే మాట తీసి మనకు చూపిస్తారు.

సీరియల్ మొదట్లో ఒక్కోసారి తెర మీద చిన్న చిన్న అక్షరాలు వస్తాయి. ఇందులోని పాత్రలు, సంఘటనలు కల్పితం అని రాసి ఉంటుంది. కల్పితం అంటే అల్లినది. చదువు రాకముందు అవి మీకు వట్టి గీతలు. ఇప్పుడు చదవగలరు. గబగబా పోతాయి, అదొక్కటే ఇబ్బంది. ఈసారి పట్టుకోండి.

అల్లిన కథే అయినా దాని బలం తక్కువది కాదు. మెక్సికో అనే దేశం ఉంది. చాలా దూరం. అక్కడ 1975లో పెద్దవాళ్ళ చదువు మీద ఒక సీరియల్ తీశారు. చిన్నప్పుడు బడికి పోని మనుషులు పెద్దయ్యాక పలక పట్టడమే కథ. అచ్చం మీ కథే. ఆ సీరియల్ వచ్చిన రోజుల్లో లక్షల మంది పెద్దవాళ్ళు చదువు కేంద్రాల్లో చేరారు.

ఆ సంగతి మన దేశం దాకా వచ్చింది. మనమూ అలాంటిది తీద్దాం అనుకున్నారు. అలా పుట్టింది 'హమ్ లోగ్'. హిందీ సీరియల్. 1984 జూలై నుంచి 1985 డిసెంబరు దాకా దూరదర్శన్‌లో వచ్చింది. మనోహర్ శ్యామ్ జోషి అనే రచయిత రాశారు. ఖర్చు పెట్టుకున్నది ఒక నూడుల్స్ కంపెనీ. ఆ సీరియల్‌తోపాటు నూడుల్స్ కూడా ఇళ్ళకు చేరాయి! సీరియల్ మనకు ఊరికే రాదు. మధ్యలో వచ్చే సబ్బు, టీ పొడి, నూనె ప్రకటనల డబ్బుతో వస్తుంది. ఎంతమంది చూస్తే ప్రకటనల డబ్బు అంత. కథ ఎందుకు తెగదో, పెళ్ళి పీటల మీద వారం రోజులు ఎందుకు కూర్చుంటారో ఇప్పుడు తెలిసింది కదా?

'హమ్ లోగ్'లో ఒక మామూలు కుటుంబం ఉంటుంది. తండ్రి బసేసర్ రామ్. తాగుతాడు. తల్లి భగవంతి. ఇంటెడు చాకిరీ చేస్తుంది, అన్నీ ఓర్చుకుంటుంది, నోరు విప్పదు. వాళ్ళకు కొడుకులు, కూతుళ్ళు. చిన్న కూతురు డాక్టరు కావాలనుకుంటుంది. ప్రతి భాగం చివర అశోక్ కుమార్ అనే పెద్ద నటుడు వచ్చి, ఆ రోజు కథ గురించి నాలుగు మాటలు చెప్పేవాడు. జనం ఆయనకు లక్షల ఉత్తరాలు రాశారు.

ఇక్కడ ఒక విచిత్రం జరిగింది. తీసినవాళ్ళు భగవంతిని ఎందుకు పెట్టారు? "చూడండి, నోరు విప్పకపోతే ఆడమనిషి బతుకు ఇలా అవుతుంది" అని చెప్పడానికి. ఆమెలా ఉండొద్దు అని వాళ్ళ ఉద్దేశం. తరువాత పరిశోధకులు చూసినవాళ్ళను అడిగారు. చాలామంది ఏమన్నారో తెలుసా? భగవంతే ఆదర్శం, ఆడదంటే ఆమెలాగే ఉండాలి అన్నారు. అలా అన్నవాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారు. తీసినవాళ్ళు ఒకటి చెప్పబోతే, చూసినవాళ్ళకు ఇంకొకటి అందింది.

ఎందుకలా? ఓర్చుకునే ఆడదాన్ని మంచిది అనడం మనకు చిన్నప్పటి నుంచి అలవాటు. టీవీ కొత్తది అయినా చూసే కళ్ళు పాతవే.

ఇప్పుడు మన తెలుగుకు వద్దాం. 'కార్తీక దీపం' పేరు చెప్పగానే మీరు నవ్వుతారని తెలుసు. 2017 అక్టోబరులో స్టార్ మా చానల్‌లో మొదలై 2023 జనవరి దాకా నడిచింది. పదిహేను వందల భాగాలు దాటాయి. మలయాళంలో వచ్చిన సీరియల్‌ను మనవాళ్ళు తెలుగులో తీసుకున్నారు. 2024లో అదే పేరుతో రెండోది మొదలుపెట్టారు. నేను చెప్పేది మొదటిదాని గురించి.

దీప నల్లగా ఉంటుంది. అందుకని పుట్టింట్లో చిన్నచూపు. డాక్టరు కార్తీక్ ఇష్టపడి ఆమెను పెళ్ళి చేసుకుంటాడు. మోనిత అనే ఇంకో డాక్టరు అబద్ధం అల్లుతుంది. దానితో, కడుపుతో ఉన్న భార్యను అతను అనుమానిస్తాడు. దీప ఇల్లు విడిచి వెళ్ళిపోతుంది. వంటలు చేసి బతుకుతుంది. అందుకే వంటలక్క అన్నారు. కవల పిల్లల్లో ఒకరు తల్లి దగ్గర, ఒకరు తండ్రి దగ్గర పెరుగుతారు.

ఇందులో మంచి ఏమిటో ముందు చెబుతాను. దీప ఎవరి మీదా ఆధారపడలేదు. సొంత రెక్కల కష్టంతో బిడ్డను పెంచింది. నల్లగా ఉన్న ఆడమనిషి తెర మధ్యలో నిలబడింది. ఇది చిన్న సంగతి కాదు. మన కేంద్రంలో ఒక అక్క "నా రంగు మనిషి కథ చూపించారు" అని ఎంత మురిసిపోయిందో!

కానీ ఆ అక్కకు నేనొక మాట చెప్పాల్సి వచ్చింది. దీపగా వేసిన నటి ప్రేమి విశ్వనాథ్ మామూలుగా తెల్లగా ఉంటుంది. మేకప్ వేసి నల్లగా చేశారు. రంగుదేముంది అని చెప్పే కథకు, నిజంగా నల్లగా ఉన్న నటిని పెట్టుకోలేదు! ఆమె బాగా నటించింది, అందులో వంక పెట్టను. అయినా అడగాలా వద్దా?

రెండో సంగతి ఇంకా పెద్దది. భర్త అనుమానం తీరాలంటే ఏం చేయాలి? డీఎన్ఏ పరీక్ష అని ఉంది. తండ్రి ఎవరో, బిడ్డ ఎవరో నమూనాలు తీసి తేల్చేస్తారు. భర్త చూస్తే డాక్టరు. ఆ పని చేస్తే కథ వారంలో అయిపోయేది. చూసేవాళ్ళు కూడా ఈ మాట అని నవ్వుకున్నారు. కానీ పరీక్ష చేస్తే ప్రకటనలు ఎక్కడివి? అందుకని దీప ఏళ్ళ తరబడి ఏడ్చింది, మనమూ ఏడ్చాం.

నవ్వుకుంటే నవ్వుకోవచ్చు. కానీ ఒక రోజు కేంద్రంలో ఈ కథ మీద మాట వచ్చింది. మొగుడు అనుమానంతో బయటికి నెడితే పుట్టింట్లో ఉంటున్న ఒక చెల్లెలు మూలన కూర్చుని ఉంది. పెద్దామె ఒకరు ఆమెతో, "దీప ఎంత ఓర్చుకుందో చూశావుగా, నువ్వూ ఓర్చుకో, ఒకనాటికి అతనే వస్తాడు" అంది. పెద్దామె మనసులో చెడు లేదు. ఓదార్చాలని అంది. కానీ ఆ చెల్లెలికి కావలసింది ఆ మాటేనా?

సీరియల్ వదిలేసిన సంగతులు చెబుతాను, రాసుకోండి. గృహహింస నుంచి ఆడవాళ్ళకు రక్షణ ఇచ్చే చట్టం 2005లో చేశారు. 2006 అక్టోబరు 26 నుంచి అమలులోకి వచ్చింది. కొట్టడం ఒక్కటే హింస కాదు. శీలం మీద నింద వేయడం, తిట్టి అవమానించడం, తిండికి డబ్బు ఇవ్వకపోవడం కూడా హింసే అని ఆ చట్టం చెబుతుంది. ఇల్లు భర్త పేరున ఉన్నా, అత్తమామల పేరున ఉన్నా, కాపురం చేసిన ఇంట్లో ఉండనివ్వమని కోర్టును అడగవచ్చు. ఖర్చులకు డబ్బు అడగవచ్చు. రక్షణ అధికారి అని ఉంటారు, వారికి ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఫోన్ చేయాలంటే నంబరు 181. లాయరుకు ఇచ్చుకోవడానికి డబ్బు లేదా? ఆడవాళ్ళకు, ఆదాయం ఎంత ఉన్నా, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును పెడుతుంది. దాని నంబరు 15100.

దీప ఈ నంబర్లకు ఒక్కసారి ఫోన్ చేసినా ఆ కథ వేరేగా నడిచేది. సీరియల్ చూడండి. వద్దనను. నేనూ చూస్తాను. చూసేటప్పుడు, "ఇక్కడ ఈమె ఏం చేయవచ్చు? ఎందుకు చేయనివ్వలేదు?" అని పక్కనున్న వాళ్ళను అడగండి.

ఇక డాక్యుమెంటరీలు. మన టీవీలో ఇవి తక్కువగా వస్తాయి. ఇంట్లో పిల్లల ఫోన్లో నెట్‌ఫ్లిక్స్ ఉంటే, అందులో వచ్చిన చిన్న చిత్రం ఒకటి చూపించమనండి. 'పీరియడ్. ఎండ్ ఆఫ్ సెంటెన్స్.' ఇరవై ఆరు నిమిషాలే. ఢిల్లీకి దగ్గరలో హాపూర్ జిల్లా ఉంది. అక్కడి ఒక పల్లెలో ఆడవాళ్ళు నెలసరి ప్యాడ్లు తయారు చేసే యంత్రం పెట్టుకుంటారు. ఆ యంత్రం తయారు చేసింది తమిళనాడుకు చెందిన అరుణాచలం మురుగనాథం. నెలసరి అంటే ఏమిటని అడిగితే మగవాళ్ళు చెప్పే జవాబులు వినాలి! ఏదో జబ్బట అంటారు. ఆడపిల్లలు సిగ్గుతో ముఖం దాచుకుంటారు. అదే ఊళ్ళో ఆడవాళ్ళు తరువాత ప్యాడ్లు సంచిలో వేసుకుని ఇల్లిల్లూ తిరిగి అమ్ముతారు. 2019లో ఆ చిత్రానికి ఆస్కార్ బహుమతి వచ్చింది. కూతుళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. కొడుకులనైతే తప్పకుండా కూర్చోబెట్టండి.

ఇంకొకటి 'రైటింగ్ విత్ ఫైర్'. 2021లో వచ్చింది. ఇది మీకు బాగా దగ్గరిది. ఉత్తరప్రదేశ్‌లో చిత్రకూట్ అనే చోట 2002లో 'ఖబర్ లహరియా' అనే పత్రిక మొదలైంది. నడిపింది పల్లెటూరి ఆడవాళ్ళు. ఎక్కువమంది దళితులు. కొందరు పెద్దయ్యాక చదువు నేర్చుకున్నవాళ్ళే. ఊళ్ళో జరిగేది తామే రాసి, తామే ఊరూరా తీసుకెళ్ళి అమ్మేవాళ్ళు. తరువాత సెల్‌ఫోన్‌తో వార్తలు తీయడం నేర్చారు. ఆ నేర్చుకోవడమే ఈ చిత్రంలో ఉంది. ఫోన్ పాడవుతుందేమోనని భయపడే చేతులే, తరువాత పోలీస్ స్టేషన్‌లో ఫోన్ ఎత్తి పట్టుకుని కేసు ఎందుకు రాయలేదని అడుగుతాయి.

ఈ చిత్రం ఆస్కార్ పోటీ దాకా వెళ్ళింది. సరిగ్గా అప్పుడే, 2022 మార్చిలో, ఖబర్ లహరియా వాళ్ళు ఒక ప్రకటన ఇచ్చారు. చిత్రం మనసును కదిలించేదే గానీ, తమ గురించి పూర్తిగా చెప్పలేదన్నారు. తాము ఒకే పార్టీ మీద వార్తలు రాసేవాళ్ళలా చూపించారు, అది సరికాదన్నారు.

చూశారా? ఇందులో నటులు లేరు. అబద్ధం అల్లినవాళ్ళూ లేరు. అయినా తెర మీద ఉన్నవాళ్ళే "ఇది మా పూర్తి కథ కాదు" అన్నారు. ఏళ్ళ తరబడి తీసిన బొమ్మల్లో గంటన్నర ఏరుకోవాలి. ఏది ఉంచాలి, ఏది కోయాలి అన్నది తీసినవాళ్ళ చేతిలో ఉంటుంది. కాబట్టి డాక్యుమెంటరీ నిజమే గానీ, ఎవరో ఏరి తెచ్చిన నిజం. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరారా, పప్పులో నచ్చిన గింజలే ఏరారా అని మనం చూసుకోవాలి.

మరి కెమెరా మన చేతికే వస్తే?

అదీ జరిగింది. ఎక్కడో కాదు, జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో. ఇప్పుడది సంగారెడ్డి జిల్లా. అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు 1990లలో వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నారు. జొన్న చేలో కలుపు తీసే చేతులు. చాలామందికి అక్షరం రాదు. కెమెరా మీది ఇంగ్లీషు బటన్లను గుర్తులతో నేర్చుకున్నారు. ఒక మనిషిని పైనుంచి కిందికి తీస్తే చిన్నగా కనబడతాడు. కింది నుంచి పైకి తీస్తే దొరలా కనబడతాడు. కళ్ళకు కళ్ళు సమానంగా పెట్టి తీసేదానికి వాళ్ళు 'సంఘం షాట్' అని పేరు పెట్టుకున్నారు. సంఘంలో అందరూ సమానమే కదా! సినిమా చదువు చదివినవాళ్ళకు కూడా ఇంత మంచి పేరు తోచలేదు.

2002లో మన దేశంలో బీటీ పత్తి విత్తనానికి అనుమతి వచ్చింది. ఈ మహిళలు వరంగల్ జిల్లా చేలకు నెలల తరబడి వెళ్ళారు. విత్తిన దగ్గర నుంచి పత్తి ఏరేదాకా అదే రైతుల దగ్గరికి మళ్ళీ మళ్ళీ వెళ్ళి తీశారు. ఎంత పెట్టావు, ఎంత వచ్చింది అని అడిగారు. రైతులు ఏ తడబాటూ లేకుండా చెప్పారు, అడిగింది తమలాంటి మనిషే కాబట్టి. ఆ చిత్రాన్ని బయటి దేశాల్లో కూడా చూపించారు.

ఆ సంస్థ మొదటి నుంచీ బీటీ విత్తనానికి ఎదురు నిలిచింది. కాబట్టి ఆ చిత్రమూ ఒక పక్క నిలబడి తీసిందే. విత్తనాల కంపెనీ తీస్తే వేరే రైతులను చూపించేది. అది దొరికితే కేంద్రంలో అందరం కలిసి చూద్దాం. చూసొచ్చాక, ఆ ఏళ్ళలో పత్తి వేసిన మీ అత్తనో, మామనో అడగండి. ఎకరానికి ఎంత పెట్టారు, ఎంత దిగింది, అప్పు ఎవరి దగ్గర తెచ్చారు అని. వాళ్ళు చెప్పింది నోట్‌బుక్కులో రాసుకుని రండి.