అనాథకు నాథుడెవరు?

మాదాపూరులో తెల్లవారడం రెండు మారులు జరుగుతుంది. తూర్పు ఎరుపెక్కక మునుపే రేకుల గుడిసెలలో కట్టెల పొయ్యిలు రాజుకున్నప్పుడు ఒకమారు. పొద్దెక్కిన తరువాత అద్దాల మేడల ముందు కార్లు బారులు తీరినప్పుడు మరొకమారు. మొదటి వేకువలో లేచినవారు కట్టిన మేడలలోనికే రెండవ వేకువలో లేచినవారు పనికి వెళతారు. 1998 నవంబరు 22న నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి ఇక్కడ సైబర్ టవర్స్ భవనాన్ని ప్రారంభించారు. అప్పటినుండి బండరాళ్లు కరిగి రోడ్లయినవి. పొదలు పోయి మేడలు లేచినవి. దుర్గం చెరువు మీద 2020లో తీగల వంతెన వ్రేలాడింది. ఈ నిర్మాణమంతటిలో పాలమూరు చేతులున్నవి, శ్రీకాకుళం చేతులున్నవి, ఒడిశా, బీహారుల చేతులున్నవి.

ఆ చేతులలో కొన్ని ఇంకా లేత చేతులు. పదునైదు, పదునారేండ్ల బాలురు, మేస్త్రీ వెంటనో, స్నేహితుని మాట నమ్మియో, ఇంటిలో దెబ్బలకు తాళలేక రైలెక్కియో నగరానికి వస్తారు. ఉదయం కూలీల అడ్డా దగ్గర నిలబడతారు. పగలు పరంజా ఎక్కుతారు. రాత్రి ఎక్కడ నిద్రిస్తారో, ఎవరితో తిరుగుతారో అడిగేవారుండరు. వీరిలో అనేకులకు తల్లిదండ్రులున్నారు. ఐనా వీరిని అనాథలనవచ్చునా?

మన భాష అనవచ్చునంటున్నది. నాథుడంటే రక్షకుడు, దిక్కయినవాడు. నాథుడు లేనివాడు అనాథ. కన్నవారు లేకపోవడమొక్కటే ఈ మాటకు అర్థం కాదు. కష్టం వచ్చినప్పుడు పేరు పెట్టి పిలిచే మనిషి లేకపోవడం అసలైన అర్థం. 1895లో వినుకొండలో పుట్టి, బడిపంతులుగా బ్రతుకు నడిపిన గుఱ్ఱం జాషువా కవి ‘అనాథ’ అనే పేరుతోనే ఒక కావ్యం రచించారు. ఆ మాట బరువు ఎంతటిదో తెలుగు పాఠకులకు క్రొత్తగా చెప్పవలసిన పని లేదు. చెప్పవలసినదల్లా, ఆ బరువును కొంతమంది ఎట్లు తలకెత్తుకున్నారన్నది.

కథ ఇటలీలో మొదలవుతుంది. పందొమ్మిదవ శతాబ్ది నడుమ ట్యూరిన్ నగరం నేటి మాదాపూరు వంటిది. కర్మాగారాలు లేస్తున్నవి, ఇండ్లు లేస్తున్నవి, కొండ పల్లెల నుండి బాలురు తాపీపనికి దిగివస్తున్నారు. జాన్ బోస్కో అనే యువకుడు 1841 జూనులో అక్కడ గురుత్వం స్వీకరించాడు. ఆయన పుట్టింది 1815లో, ఒక పేద రైతు ఇంట. రెండేండ్లు నిండకమునుపే తండ్రి పోయాడు. పొలంలో పాలేరుగా, దర్జీ దగ్గర, కాఫీ దుకాణంలో పనిచేసి చదువుకున్నాడు. ట్యూరిన్ చెరసాలలను చూడబోయిన బోస్కోను ఒక విషయం కలచివేసింది. విడుదలై వెళ్లిన బాలురే కొన్నాళ్లకు తిరిగి లోపల కనబడుతున్నారు. వారు దుర్మార్గులై రాలేదు; బయట తమ కోసం ఎదురుచూసే స్నేహితుడు ఒక్కడైనా లేక తిరిగి వచ్చారు.

ఆ ఏడే డిసెంబరు 8వ తేదీన ఒక చర్చి లోపలి గదిలోనికి పదునారేండ్ల కుర్రవాడొకడు వచ్చాడు. పేరు బార్తలోమియో గరెల్లి, తల్లిదండ్రులు లేరు, తాపీపనివాడు. పూజలో సాయం చేయడం రాదన్నందుకు అక్కడి సేవకుడు వానిని కర్రతో కొట్టి తరిమాడు. బోస్కో వానిని వెనుకకు పిలిపించాడు. చదువు వచ్చునా అంటే రాదన్నాడు. పాట వచ్చునా అంటే రాదన్నాడు. చివరకు, ఈల వేయడం వచ్చునా అని అడిగాడట బోస్కో. అప్పుడు వాని ముఖాన నవ్వు విరిసిందని ఆయన శిష్యపరంపర నేటికీ చెప్పుకుంటుంది. రానివాటి జాబితా చదువుతూ పోతే బాలుడు ముడుచుకుపోతాడు. వచ్చినది ఒక్కటి అడిగితే విచ్చుకుంటాడు. ఉపాధ్యాయులకు ఇంతకంటె క్లుప్తమైన పాఠం దొరకదు.

ఒక్కని వెంట పదిమంది, పదిమంది వెంట వందమంది చేరారు. అల్లరికి ఓర్వలేని ఇరుగుపొరుగు వారు వీరిని చోటునుండి చోటుకు తరిమారు. 1846 ఈస్టరు నాటికి వాల్డొక్కో అనే శివారులో ఒక పాత కొట్టం దొరికింది. ఆ ఏడాది చివర బోస్కో తల్లి మార్గరీటా పల్లె విడిచి వచ్చి కొడుకు పనిలో చేరింది. తన పెండ్లినాటి బట్టలు సైతం ఆ పిల్లల కోసం వినియోగించింది. పని సాఫీగా సాగిందనుకోరాదు. గడ్డివామిలో పడుకోనిచ్చిన మొదటి బాలురు తెల్లవారేసరికి దుప్పట్లు ఎత్తుకొని పారిపోయారు. మరొకరైతే అంతటితో తలుపు మూసేవారు. 1847లో ఒక వానరాత్రి, నిలువెల్లా తడిసి, పని వెదుక్కుంటూ వచ్చిన మరొక అనాథ తలుపు తట్టాడు. ఆ తల్లి వానికి అన్నం పెట్టి, వంటింటిలో పడక వేసి, పడుకోబోయే ముందు నాలుగు మంచి మాటలు చెప్పింది. ఆ సంస్థలలో రాత్రి నిద్రకు ముందు పిల్లలతో రెండు మాటలు చెప్పే ఆచారం ఆ రాత్రినుండే వచ్చిందంటారు.

బోస్కో దయతో సరిపెట్టలేదు, కాగితం వ్రాయించాడు. 1852 ఫిబ్రవరిలో ఒక వడ్రంగికీ, అతని దగ్గర చేరిన బాలునికీ మధ్య కుదిరిన ఒడంబడికపై ఆయన సంతకం ఉన్నది. పని పూర్తిగా నేర్పవలెను. వృత్తికి సంబంధం లేని చాకిరి చేయింపరాదు. తప్పు చేస్తే మాటతో దిద్దవలెను గాని చేయి చేసుకోరాదు. సెలవు రోజు విడువవలెను. కూలి కాలక్రమాన పెంచవలెను. అంతేకాదు, బాలురు పనిచేసే చోట్లకు తానే వెళ్లి, వారి క్షేమం విచారించేవాడు. జాలికీ, అండకూ గల తేడా ఇదే. జాలి కన్నీరు కారుస్తుంది; అండ ఒడంబడిక షరతులు చదువుతుంది.

ఆయన 1877లో తన బోధనాపద్ధతిని ఒక చిన్న వ్యాసంగా వ్రాశాడు. దానికి మూడు ఆధారాలు: వివేకం, భక్తి, వాత్సల్యం. బాలుడు తప్పు చేసిన తరువాత దండించడం కంటె, తప్పు చేయవలసిన అవసరం కలుగకుండా వెంట ఉండటం మేలన్నది దాని సారాంశం. పిల్లలను ప్రేమించినంత మాత్రాన చాలదు, తమను ప్రేమిస్తున్నారని వారికి తెలియాలి అన్న భావం ఆయన 1884లో రోమునుండి వ్రాసిన లేఖలో కనబడుతుంది. 1888లో ఆయన మరణించాడు. ఆయన స్థాపించిన సలేషియన్ సంఘంవారు 1906లో తంజావూరు చేరి భారతదేశంలో పని ప్రారంభించారు.

తెలుగుదేశంలో ఆ పనికి కూడలి విజయవాడ రైల్వేస్టేషను. చెన్నై, ఢిల్లీ, హౌరా దారులు కలిసే ఆ జంక్షనులో రైళ్లతోబాటు దిక్కులేని పిల్లలు కూడ దిగుతారు. సలేషియన్ గురువులు 1989లో అక్కడ నవజీవన్ బాలభవన్ నెలకొల్పారు. హైదరాబాదులో రామంతపూరులోనూ అదే పేరుతో ఒక నిలయమున్నది. అట్టి చోట్ల పని ఎట్లు జరుగుతుందో తెలుసుకోదగినది. కార్యకర్తలు ప్లాట్‌ఫారం మీదికే వెళతారు. ఇల్లు విడిచి వచ్చిన బాలునికి మొదటి కొన్ని గంటలే కీలకం. ఆకలిగొన్న ఆ గంటలలో వానిని పలకరించేది ఎవరన్న దానిమీద వాని బ్రతుకు తిరుగుతుంది. ఒక పూట అన్నం చూపి పనిలోనికో, దొంగతనంలోనికో, అంతకంటె హీనమైన దానిలోనికో ఈడ్చేవారు అక్కడే పొంచి ఉంటారు. వారికంటె ముందుగా చేరవలెను. చేరిన తరువాత వెంటనే ప్రశ్నల వర్షం కురిపించరాదు. స్నానం, భోజనం, నిద్ర, పిమ్మట మాట. బాలుడు మొదట చెప్పే పేరు అబద్ధం కావచ్చును, ఊరు అబద్ధం కావచ్చును. నమ్మకం కుదిరిన నాడు అసలు పేరు బయటికి వస్తుంది. అప్పుడు ఇంటిని వెదకడం, ఇల్లు క్షేమమైతే చేర్చడం, కానిచో చదువు, వృత్తివిద్య చూపడం.

ఇక్కడ ఒక ప్రశ్న తప్పించుకోరానిది. క్రైస్తవ సంస్థ పెట్టిన అన్నం తిన్న బాలునికి మతం కూడ వడ్డిస్తారా అని లోకం అడుగుతుంది. అడగవలసిన ప్రశ్నే. ఆకలికి మతాన్ని ముడిపెట్టడం ఆకలికీ అవమానం, మతానికీ అవమానం. మన రాజ్యాంగంలోని 28వ అధికరణం, ప్రభుత్వ గుర్తింపో, సహాయమో పొందిన విద్యాసంస్థలో మతబోధకు హాజరు కమ్మని ఎవరినీ నిర్బంధింపరాదని, మైనరు విషయంలో సంరక్షకుని సమ్మతి ఉండవలెనని నిర్దేశిస్తున్నది.

మన చరిత్రలో ఈ ప్రశ్నకు ఒక చక్కని సమాధానం కూడ ఉన్నది. మద్రాసు క్రైస్తవ కళాశాల అధ్యక్షుడు విలియం మిల్లర్ మతాంతరీకరణ కంటె శీలనిర్మాణానికే పెద్దపీట వేసిన గురువు. ఆయన వద్ద చదివిన రఘుపతి వెంకటరత్నం నాయుడు, 1862లో మచిలీపట్నంలో జన్మించి, క్రైస్తవుడు కాలేదు, బ్రహ్మసమాజికుడై నిలిచాడు. కాని గురువునుండి అందుకున్న దీపాన్ని ఆర్పలేదు. మచిలీపట్నం నోబుల్ కళాశాలలో, సికింద్రాబాదు మహబూబ్ కళాశాలలో, కాకినాడ పిఠాపురం రాజావారి కళాశాలలో ఆయన తీర్చిన శిష్యులు ఒక తరానికి వెన్నెముకలైనారు. పిఠాపురం మహారాజు అండతో కాకినాడలో అనాథలకు ఆశ్రయం, హరిజన విద్యార్థులకు వసతి ఏర్పడినవి. మిల్లర్ ఇచ్చిన దానిలో ఆయన మతాన్ని వదలి, మానవత్వాన్ని తీసుకున్నాడు. ఇచ్చినవాడు నొచ్చుకోలేదు. ఇట్టి దానమే దానం.

మరొక చేదు సత్యం. దేవుని పేరు చెప్పిన ప్రతి గోడ వెనుకా బాలుడు క్షేమంగా ఉంటాడని నమ్మరాదు. ఐర్లండులో మతసంఘాలు నడిపిన పారిశ్రామిక పాఠశాలలలో దశాబ్దాల తరబడి పిల్లలు హింసలకు, అత్యాచారాలకు గురియైనట్లు 2009లో వెలువడిన విచారణ సంఘ నివేదిక లోకానికి వెల్లడించింది. అక్కడ లోపించింది ధనం కాదు, ప్రశ్నించే కన్ను. కనుకనే మన దేశంలో 2015 నాటి బాలల న్యాయచట్టం ప్రతి ఆశ్రయ సంస్థ విధిగా నమోదు కావలెనన్నది. దిక్కులేక దొరికిన బాలుని, ప్రయాణకాలం మినహా, 24 గంటలలో బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచవలెనన్నది. మంచివారికి ఈ నియమాలు అవమానం కాదు. మంచితనానికి ఇవి కంచె.

చట్టానికి అందని గడియ ఒకటున్నది. అది పదునెనిమిదేండ్లు నిండిన నాడు. నిన్నటిదాకా గంట కొడితే అన్నం, గంట కొడితే చదువు. నేడు చేతిలో ఒక సంచి, ఒక ధ్రువపత్రం. ఇల్లున్న పిల్లవాడు పదునెనిమిదేండ్లకు పెద్దవాడు కాడు. అద్దెకు ఇల్లు చూడటం, బ్యాంకు ఖాతా తెరవడం, జ్వరం వస్తే ఎవరికి చెప్పడం, ఇవన్నీ తండ్రి వెనుక నడుస్తూ నేర్చుకుంటాడు. నిలయంలో పెరిగినవాడు ఒక్క రాత్రిలో నేర్చుకోవలెను. చట్టం అట్టివారికి ఆర్థికసాయం ఇవ్వవచ్చునన్నది. నియమాలు ఇరువదొక్క ఏండ్ల వరకు అనంతర సంరక్షణకు వీలు కల్పించినవి. ఐనా డబ్బు పంపగల ప్రభుత్వం, ఆదివారం నాడు భోజనానికి పిలువలేదు. ఉద్యోగం పోయిన రాత్రి ఫోనెత్తి మాట్లాడలేదు. ఆ పని మనిషిదే. మాదాపూరు మేడలలో పనిచేసే యువకులు, యువతులు నెలకు రెండు పూటలు ఒక్కొక్క బాలునికి కేటాయిస్తే, వారి జీతంలో భాగం కంటె ఆ రెండు పూటలే ఎక్కువ పనిచేస్తవి. కాని ఒక్క షరతు. మొదలుపెట్టి మూడు నెలలకు మానుకునేవారు అసలు మొదలుపెట్టరాదు. ఒకమారు విడువబడిన బాలుని రెండవమారు విడువడం, మొదటి గాయం కంటె లోతుగా దిగుతుంది.

ఉపాధ్యాయుని చేతిలో ఉన్నదేమిటి? చాలా ఉన్నది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం, వయస్సుకు రుజువు లేదని పిల్లవానికి ప్రవేశం నిరాకరింపరాదు; బదిలీపత్రం రావడం ఆలస్యమైనదని చేర్చుకోకుండా ఆపరాదు; వెనుకబడినవానిని వయస్సుకు తగిన తరగతిలో చేర్చి ప్రత్యేక శిక్షణ ఇవ్వవలెను. నిర్మాణపు పనుల వెంట ఊరూరు తిరిగే కుటుంబాల పిల్లలకు ఈ మూడు మాటలే బడి తలుపులు. ప్రమాదంలో ఉన్న బాలుడు కంటబడితే 1098 అనే సంఖ్యకు ఫోను చేయవచ్చునని ప్రతి విద్యార్థికీ తెలియవలెను. 1996లో బొంబాయిలో మొదలైన ఆ పిలుపును 2023నుండి ప్రభుత్వమే నిర్వహించే ఏర్పాటు జరిగింది.

ఇవి చట్టాలు, సంఖ్యలు. వీటికి ముందు చేయవలసినది మరొకటున్నది. వెనుక బెంచీ చివర ఒక బాలుడు కూర్చుంటాడు. చొక్కా మీద సిమెంటు మరక ఇంకా వదలలేదు. లెక్క రాదు, పద్యం రాదు, ఇంగ్లీషు రాదు. రానివన్నీ ఈ పాటికి వానికి పదిమంది చెప్పే ఉంటారు. పాఠం ముగిసిన పిమ్మట మాస్టారు వాని ప్రక్కన ఒక నిమిషం ఆగి, నీకేమి వచ్చునురా అని అడిగితే, వాడు తల ఎత్తుతాడు. గోడ నిలువుగా ఉన్నదో లేదో దారం వ్రేలాడదీసి చెప్పడం వచ్చునంటాడేమో. ఆ దారంతోనే మరునాటి లెక్కల పాఠం మొదలుపెట్టవచ్చును.