టెస్టులన్నీ నార్మల్.. అయినా ట్యాంకులో పగడాలు కరిగిపోతున్నాయా? కారణం ఇక్కడ వెతకండి

నిన్నటిదాకా నీళ్లలో గడ్డిలా ఊగిన పగడం ఇవాళ ముడుచుకుని కూర్చుంది. రేపు తెరుచుకుంటుందిలే అనుకుంటే వారం గడిచిపోయింది. రంగు పాలిపోయింది. ఒక్కో పాలిప్ సన్నబడి, చివరికి కరిగిపోయినట్టు మాయమవుతోంది. టెస్ట్ కిట్ తీసి చూస్తే పీహెచ్ ఓకే, అమ్మోనియా జీరో, నైట్రేట్ కూడా జీరో. చేపలేమో హుషారుగా తిరుగుతున్నాయి. మరి పగడాలకి ఏమైంది?

ఉప్పునీటి ట్యాంకులో పగడాలు పెంచే వాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే సమస్యే ఇది. జొవాంథిడ్లు, జీనియా, లెదర్ కోరల్, గ్రీన్ స్టార్ పాలిప్స్.. షాపులో వీటిని ‘బిగినర్స్‌కి బెస్ట్’ అని ఇస్తారు. అందులో అబద్ధం లేదు. కాకపోతే ఇవి ఓర్చుకుంటాయే తప్ప, ఏమీ అక్కర్లేనివి కావు.

అసలు పాలిప్ అంటే?

పగడం మొక్క కాదు, రాయి కాదు.. జంతువు. ఒక గుత్తిలో పదులు, వందల కొద్దీ చిన్న చిన్న పాలిప్స్ ఉంటాయి. అసలైన సాఫ్ట్ కోరల్ అయితే ఒక్కో పాలిప్‌కి 8 టెంటకిల్స్ ఉంటాయి. (జొవాంథిడ్లు శాస్త్రం ప్రకారం వేరే వర్గం. హాబీలో మాత్రం అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తారు.) ఈ పాలిప్ శరీరం లోపల కంటికి కనిపించని ఆల్గే కాపురం ఉంటుంది. అది వెలుతురుతో చక్కెరలు తయారుచేసి పగడానికి పెడుతుంది. బదులుగా పగడం వదిలే నత్రజని, ఫాస్ఫరస్ వ్యర్థాలను తాను తీసుకుంటుంది. ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఎక్కడ తెగినా పగడం ఆకలితో చిక్కిపోతుంది.

నీళ్లు మరీ శుభ్రంగా ఉన్నా ప్రమాదమే

ఇక్కడే చాలామంది దెబ్బతింటున్నారు. ‘నైట్రేట్ జీరో, ఫాస్ఫేట్ జీరో’ అని కిట్ చూపిస్తే పండగ చేసుకుంటారు. పెద్ద స్కిమ్మర్, ఫాస్ఫేట్ రిమూవర్, చేపలకి చిటికెడు మేత.. వీడియోల్లో చూసినవన్నీ పెట్టేస్తారు. నీళ్లు అద్దంలా మెరుస్తాయి. పగడాలు మాత్రం నెలల తరబడి నెమ్మదిగా సన్నబడతాయి. లోపలి ఆల్గేకి ఎరువు అందకపోతే అది పగడానికి ఏం పెడుతుంది?

ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు 2013లో ఇంకో ఆసక్తికరమైన విషయం చెప్పారు. నీళ్లలో నత్రజని ఎక్కువగా ఉండి ఫాస్ఫేట్ కరువైతే, వేడికి, వెలుతురుకి పగడాలు తెల్లబడిపోయే ముప్పు పెరుగుతుందట. వాళ్లు చూసింది గట్టి పగడాలను. కానీ ట్యాంకు పెట్టిన ప్రతి ఒక్కరికీ ఇందులో పాఠం ఉంది. ఫాస్ఫేట్ శత్రువు కాదు. సాఫ్ట్ కోరల్స్ ఉన్న ట్యాంకులో నైట్రేట్ 5 నుంచి 15 పీపీఎం, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 పీపీఎం మధ్య ఉండనివ్వమని అనుభవజ్ఞులు చెబుతుంటారు. మీ కిట్ రెండూ సున్నా అని చూపిస్తుంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. రిమూవర్ తీసేయండి, చేపలకి కాస్త కడుపు నిండా పెట్టండి.

మీ కిట్ పట్టుకోలేనివి

మామూలు కిట్‌లో రాగి టెస్ట్ ఉండదు. వెన్నెముక లేని జీవులకి రాగి విషం. చేపలు తట్టుకునే మోతాదు కూడా పగడాలను చంపేస్తుంది. మన ఇళ్లలో ఈ రాగి ఎక్కడి నుంచి రావొచ్చో తెలుసా? తాగునీటి ప్యూరిఫయర్! ఆరోగ్యానికి మంచిదని నీటిలో రాగి కలిపే ‘కాపర్’ మోడల్స్ మార్కెట్‌లో బోలెడు. మనిషికి ఫర్వాలేదు. ఆ నీళ్లతో ఉప్పు కలిపితే మాత్రం పగడానికి రోజూ కొంచెం కొంచెం విషం పోసినట్టే. ప్యూరిఫయర్‌లో టీడీఎస్ కంట్రోలర్ ఉంటే అది మరో తలనొప్పి. రుచి కోసం కొంత బోరు నీటిని మళ్లీ కలిపేస్తుంది. రీఫ్ ట్యాంకుకి కావాల్సింది ఆర్‌వో తర్వాత డీఐ రెజిన్ కూడా దాటి, టీడీఎస్ మీటర్‌లో సున్నా చూపించే నీళ్లు.

సెకండ్ హ్యాండ్ ట్యాంకులు, రాళ్లతోనూ జాగ్రత్త. పాత ఓనర్ చేపలకి రాగి మందు వేసి ఉంటే, రాళ్లు దాన్ని పీల్చుకుని నెలల తర్వాత కూడా వదులుతాయి. పంపులో, అద్దం తుడిచే మ్యాగ్నెట్ క్లీనర్‌లో అయస్కాంతం తొడుగు పగిలి తుప్పు పట్టినా ఇదే కథ.

ఇంకొకటి, దోమల స్ప్రే. ఇందులో ఉండే పైరెథ్రాయిడ్లు నీటి జీవులకి బాగా హాని చేస్తాయి. స్కిమ్మర్, ఎయిర్ పంప్ గదిలోని గాలినే లాగి నీళ్లలో కలుపుతాయి కదా. ట్యాంకున్న గదిలో బొద్దింకల మందు కొట్టి, ‘ఏమీ మార్చలేదండీ, అయినా పోయాయి’ అంటే ఎలా?

ఉప్పు మీటర్ నిజం చెబుతోందా?

పరికరాన్ని నమ్మేముందు పరికరాన్నే పరీక్షించాలి. ప్లాస్టిక్ ముల్లు ఉండే హైడ్రోమీటర్‌లో ఒక్క గాలి బుడగ అంటుకున్నా లెక్క మారిపోతుంది. రిఫ్రాక్టోమీటర్ ఉంటే 35 పీపీటీ కాలిబ్రేషన్ ద్రావణంతో సరిచూడండి. ఉండాల్సింది 35 పీపీటీ దగ్గరే. మన ఎండాకాలంలో ట్యాంకులో నీళ్లు గబగబా ఆవిరవుతాయి, ఉప్పు మాత్రం అలాగే ఉండిపోతుంది. తగ్గిన నీటికి బదులు మళ్లీ ఉప్పునీళ్లే పోస్తే సాంద్రత పెరుగుతూ పోతుంది. పోయాల్సింది మంచినీళ్లు, అదీ టీడీఎస్ సున్నా ఉన్నవి.

జీనియా ఎందుకు గుప్పిట మూసి తెరుస్తుంది?

జీనియా పాలిప్స్ చేతివేళ్లలా ముడుచుకుంటూ తెరుచుకుంటూ ఉండటం చూసే ఉంటారు. ఇదే జాతి దగ్గరి బంధువుపై ఎర్ర సముద్రంలో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు చేసిన అధ్యయనం 2013లో వచ్చింది. ఆ కదలిక వల్ల పాలిప్ చుట్టూ పేరుకున్న ఆక్సిజన్ కొట్టుకుపోయి, లోపలి ఆల్గే మరింత బాగా పనిచేస్తోందని తేలింది. అంటే పగడానికి నీటి కదలిక అంత ముఖ్యం. మరి మీ పంపు కడిగి ఎన్నాళ్లయింది? సున్నం పట్టి ప్రవాహం రోజురోజుకీ కాస్త కాస్త తగ్గుతుంటే కంటికి తెలియదు. వెనిగర్ కలిపిన నీళ్లలో నానబెట్టి కడిగితే కొత్తదానిలా తిరుగుతుంది.

పక్కింటి గొడవలు

సాఫ్ట్ కోరల్స్ చూడ్డానికి సాధువుల్లా ఉంటాయి కానీ రసాయన యుద్ధంలో దిట్టలు. లెదర్ కోరల్ లాంటివి టెర్పీన్లు అనే పదార్థాలు వదిలి పక్కవాటిని ఎదగనివ్వవు. సముద్రంలో అయితే అలలు మోసుకుపోతాయి, వంద లీటర్ల ట్యాంకులో ఎక్కడికి పోతాయి? యాక్టివేటెడ్ కార్బన్ పెట్టి, క్రమం తప్పకుండా మారిస్తే చాలా వరకు లాగేస్తుంది.

జొవాంథిడ్లు మాత్రమే తగ్గుతుంటే రాత్రి లైట్లు ఆరిన గంట తర్వాత టార్చ్ వేసి చూడండి. వాటినే తిని బతికే నూడిబ్రాంక్‌లు, సన్‌డయల్ నత్తలు ఉంటాయి. నూడిబ్రాంక్ ఏ పాలిప్ తింటే ఆ రంగే పులుముకుంటుంది కాబట్టి పగలు పక్కనే ఉన్నా కనపడదు.

అన్నట్టు, లెదర్ కోరల్ ఒక్కటే ముడుచుకుని, పైన మైనం పొరలా మెరుస్తుంటే కంగారు పడకండి. అది పాత పొర వదులుకుంటోంది. కొన్ని రోజుల నుంచి రెండు వారాల్లో మళ్లీ తెరుచుకుంటుంది. అంతలోనే దాన్ని పీకి వేరే చోట పెడితేనే ఇబ్బంది.

అన్నీ ఒకేసారి మార్చేస్తే?

అదే పెద్ద తప్పు. శనివారం లైటు పెంచి, ఆదివారం సగం నీళ్లు మార్చి, సోమవారం అయోడిన్ చుక్కలు వేస్తే, మంగళవారం పగడం చచ్చినా దేనివల్లో తెలియదు. బతికినా తెలియదు. ముందు ఉప్పు సరిచూసుకోండి. కార్బన్ పెట్టండి. వారానికి 10 నుంచి 15 శాతం నీళ్లు మార్చండి. ఆ తర్వాత ఒక్కో మార్పు చేసి, రెండు మూడు వారాలు ఆగి చూడండి. ప్రతి ఆదివారం ఒకే కోణంలో ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. పాలిప్స్ లెక్క అందులోనే తెలుస్తుంది.

చచ్చిన పాలిప్స్ తీసేముందు ఇది చదవండి

కొన్ని జొవాంథిడ్లలో, ముఖ్యంగా పాలిథోవా రకాల్లో పాలీటాక్సిన్ ఉంటుంది. ప్రకృతిలో దొరికే అత్యంత ప్రమాదకరమైన విషాల్లో ఇదొకటి. 1971లో హవాయి శాస్త్రవేత్తలు దీన్ని తొలిసారి వేరుచేశారు. 2018లో ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ఒకరు ఇంట్లో ట్యాంకు పగడాలు శుభ్రం చేస్తుండగా ఈ విషం గాలిలో కలిసి, కుటుంబమంతా ఆస్పత్రి పాలైంది. సాయానికి వెళ్లిన అత్యవసర సిబ్బందిని కూడా ఆస్పత్రికి తరలించారు.

కాబట్టి ఈ రాళ్లను వేడి నీళ్లతో కడగొద్దు, మరిగించొద్దు, పొడిగా ఉన్నప్పుడు బ్రష్‌తో రుద్దొద్దు. గ్లౌజులు, కళ్లద్దాలు పెట్టుకుని నీళ్లలోనే పని కానివ్వండి. పిల్లల్ని, పెంపుడు జంతువుల్ని గదిలోకి రానివ్వొద్దు. ఆ తర్వాత నోట్లో లోహపు రుచి, దగ్గు, ఆయాసం, కండరాల నొప్పి, కళ్ల మంట కనిపిస్తే వెంటనే బయటికి వచ్చి ఆస్పత్రికి వెళ్లండి. జ్వరమో జలుబో అనుకుని మందులు రాసేయొచ్చు. అందుకే ట్యాంకులో జొవాంథిడ్లు కడిగిన సంగతి, పాలీటాక్సిన్ అన్న పేరు డాక్టర్‌కి మీరే ముందు చెప్పండి.