నంబరు.. ర్యాంకు.. ఊరు

కొలువు ముగించుకుని ఓరుగల్లుకు తిరిగొచ్చిన సైనికులకు అసలు పని అప్పుడే మొదలవుతుంది. ఆ పనిలో తుపాకీ ఉండదు. ఫైళ్లుంటాయి, జిరాక్సులుంటాయి, ఎదురుచూసే ఆడవాళ్లుంటారు.

ఢిల్లీ నుంచి వచ్చే తెలంగాణ ఎక్స్‌ప్రెస్ కాజీపేటలో ఆగినప్పుడు ఎప్పుడైనా గమనించండి. ఏదో ఒక బోగీలోంచి నల్లరంగు ఇనుప ట్రంకుపెట్టె దిగుతుంది. మూత మీద తెల్ల పెయింటుతో నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్. సెలవు మీద వచ్చే జవానుకు భుజాన ఒక బ్యాగు చాలు. పెట్టె దిగిందంటే మనిషి ఇక వెనక్కి వెళ్లడు.

ఇంటి దగ్గర దావత్ జరుగుతుంది. యాట తెగుతుంది. చుట్టాలొస్తారు, ఫొటోలు దిగుతారు, క్యాంటీన్ సీసా గురించి నవ్వుతూనే అడుగుతారు. వారం తిరగ్గానే అందరి నోటా ఒకటే మాట: ‘‘మరి ఇప్పుడేం జేస్తవ్?’’

సిపాయిగా చేరినవాళ్లలో చాలామంది నలభై అటూఇటూగా బయటికొస్తారు. దేశం మొత్తమ్మీద ఏటా దాదాపు 60 వేల మంది ఇలా యూనిఫాం విప్పుతారు. అదే ఈడు బడిపంతులుకు ఇంకా ఇరవై ఏళ్ల సర్వీసు మిగిలే ఉంటుంది. ఇతనికేమో పిల్లలు ఇంకా హైస్కూలు దాటి ఉండరు, ఇల్లు సగం గోడల మీద ఉంటుంది, తల్లిదండ్రులకు మందుల ఖర్చు అప్పుడే మొదలై ఉంటుంది. పైగా పదిహేడేళ్లు ఊళ్లో లేనివాడు. ఏ ఆఫీసులో ఎవరిని పట్టుకోవాలో తెలియదు. లద్దాఖ్‌లో మైనస్ డిగ్రీల చలిలో పహరా కాసినవాడికి తహసీల్దారు కార్యాలయం వరండాలో చెమటలు పడతాయి.

ఆ చెమట తుడిచేవాళ్లే మాజీ సైనికుల సంఘం.

‘మాజీ’ అన్న మాట వాళ్లలో చాలామందికి గిట్టదు. న్యాయమే. మాజీ సర్పంచి మళ్లీ గెలిస్తే ఆ మాట పోతుంది. సైనికుడికి అలాంటి ఎన్నిక లేదు. అయినా ప్రభుత్వ కాగితాల మీద అదే ఉంది కాబట్టి వాడక తప్పదు.

హనుమకొండలో సుబేదారి అనే పేటే ఉంది. ఆ పేరు విని కొత్తగా వచ్చిన ఫౌజీలు మురిసిపోతారు గానీ ఆ సుబేదారు వేరు. నిజాం కాలంలో వరంగల్ సుబాను ఏలిన దొర. పటాలంలో సుబేదారంటే జవాను సెలవు చీటీ నుంచి పెళ్లి గొడవ దాకా అన్నీ చక్కబెట్టే పెద్దమనిషి. సంఘాలు నిలబడింది ఈ రెండో రకం సుబేదార్ల మీదనే. పింఛను తీసుకుంటూ, పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎవరి కాగితమో చంకన పెట్టుకుని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం మెట్లెక్కే మనుషులు వాళ్లు. 1919లో మొదటి ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చినవారి బాగోగుల కోసం తెల్లవాళ్లు పెట్టిన సోల్జర్స్ బోర్డే నేటి కేంద్రీయ సైనిక్ బోర్డు. దాని కొమ్మలే ఈ జిల్లా కార్యాలయాలు.

అక్కడ కూర్చుంటే రోజూ కనిపించే ఒక దృశ్యం ఉంది. ముసలామె వస్తుంది, పక్కన మనవడు. ‘‘పెద్దమ్మా, మీ ఆయన పేరేంది?’’ అంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మనవడి దిక్కు చూస్తుంది. పెనిమిటి పేరు నోట పలకని తరం. ‘‘పోనీ నంబరు యాదికున్నదా?’’ అంటే మాత్రం ఏడంకెలూ గడగడా చెప్పేస్తుంది. ఎన్నో ఏళ్లు ఉత్తరాల మీద, మనియార్డర్ల మీద రాయించిన నంబరది.

నంబరు సరిపోతుంది. చిక్కంతా పేరుతోనే.

మన దగ్గర ఇంటిపేరు ముందుంటుంది. రికార్డుల్లో ఎక్కించిన గుమాస్తా ఉత్తరాదివాడైతే అది వెనక్కి వెళ్తుంది, లేదా మాయమవుతుంది. భార్య పేరు ఊళ్లో ఒకటి, సర్వీసు రికార్డులో ఇంకోటి, ఆధార్‌లో మూడోది. పుట్టిన తేదీ సరేసరి, చాలామందికి జూలై 1. సైన్యంలో పెళ్లయినా, బిడ్డ పుట్టినా ‘పార్ట్ టూ ఆర్డర్’ వెయ్యాలి. అంటే కుటుంబ వివరాలను యూనిట్ అధికారికంగా నమోదు చేయించాలి. అది పడకపోతే రికార్డుల లెక్కలో ఆ భార్య భార్య కాదు, ఆ బిడ్డ బిడ్డ కాదు. ఆయన బతికి ఉన్నన్నాళ్లూ ఎవరికీ పట్టదు. పోయిన మర్నాడు మొదలవుతాయి తిప్పలు. మెకానికల్ విభాగమైన ఈఎంఈలో చేసినవాడి రికార్డులు సికింద్రాబాద్‌లో ఉంటాయి, పర్వాలేదు. ఫిరంగి దళమైతే నాసిక్. సిగ్నల్స్ అయితే జబల్‌పూర్. మద్రాస్ రెజిమెంట్ అయితే నీలగిరుల్లోని వెల్లింగ్టన్. నర్సంపేట దగ్గరి పల్లెలో ఉన్న ఆమె జబల్‌పూర్‌కు ఏ భాషలో రాస్తుంది? ఆ ఉత్తరం రాసేది సంఘం. అఫిడవిట్ నమూనా తయారు చేయించేదీ, గెజిటెడ్ సంతకం పెట్టించేదీ వాళ్లే. ఏడాది తిరిగినా జవాబు రాకపోతే యూనిట్‌లో పాత దోస్తు ఎవరున్నారో వెతికి ఫోన్ కొట్టేదీ వాళ్లే.

ఈ సంఘాల వాట్సాప్ సందేశాలు చూస్తే దేశభక్తి గీతాల కన్నా ‘స్పర్శ్‌లో పేరు సరిచూసుకోండి’, ‘నవంబరు దాటకముందే లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వండి’ అన్నవే ఎక్కువ. స్పర్శ్ అంటే రక్షణ శాఖ పింఛన్ల ఆన్‌లైన్ వ్యవస్థ. బ్యాంకు మేనేజర్‌ను కలిసి సంతకం పెట్టొచ్చే అలవాటున్నవాళ్లకు వేలిముద్ర, కనుపాప, ఓటీపీ అంటే గుబులు. డెబ్బై ఏళ్లు దాటినవారి వేలిముద్రలు అరిగిపోయి ఉంటాయి, మిషన్ ఒప్పుకోదు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం చేసినవాళ్లు ఇప్పుడు ఆ వయసు వాళ్లే. ఢాకాలో 93 వేల మందితో ఆయుధాలు దింపించిన సైన్యంలో పనిచేసిన మనిషి, తాను బతికే ఉన్నానని కంప్యూటర్‌కు నమ్మకం కలిగించలేక తిప్పలు పడటం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు.

‘ఒకే ర్యాంకు ఒకే పింఛను’ గొడవా ఇలాంటిదే. ఒకే ర్యాంకులో అన్నే ఏళ్లు చేసిన ఇద్దరికి, ఒకరు ముందు మరొకరు వెనక దిగిపోయినంత మాత్రాన పింఛనులో తేడా ఎందుకన్నది ప్రశ్న. నాలుగు దశాబ్దాల పోరు తర్వాత 2015లో ఉత్తర్వులొచ్చాయి, 2014 జూలై 1 నుంచి అమలు. అయిదేళ్లకోసారి సవరించాలి. అలా 2019వి, 2024వి వచ్చాయి. ఒక్కో సవరణకూ లావుపాటి పట్టికలు. ‘నా హవల్దారు సర్వీసు పందొమ్మిదేళ్లు, ఏ గడిలో పడతాను?’ అని వేలు పెట్టి వెతుకుతారు. ఆ గడి చూసిపెట్టగల మనిషి సంఘంలో ఒకరిద్దరే ఉంటారు. వాళ్ల విలువ కల్నల్ కన్నా ఎక్కువ.

తోటివాడు పోయాక అతని పేరు నిలబెట్టే పని ఓరుగల్లు సిపాయిలకు కొత్త కాదు. నకిరేకల్ దగ్గర చందుపట్లలో 1289 నవంబరు నాటి శాసనం ఒకటుంది. వేయించినవాడు రాజు కాదు, మంత్రి కాదు. సేనాని మల్లికార్జున నాయకుడి దగ్గర బంటు, పువ్వుల ముమ్మడి. మరణించిన రుద్రమదేవికీ తన నాయకుడికీ పుణ్యం కలగాలని సోమనాథ దేవుడికి కొంత భూమి ఇచ్చి, ఆ సంగతి రాతి మీద చెక్కించాడు. కాకతీయ మహారాణి ఎప్పుడు పోయిందో చెప్పడానికి చరిత్రకారులు నేటికీ ఆసరా చేసుకునేది ఆ బంటు రాయించిన నాలుగు మాటలనే. రికార్డు సరిగా ఉండాలన్న పట్టుదల అప్పటికే ఉందన్నమాట.

భూమి ఊసు ఇప్పటికీ ఉంది. మాజీ సైనికులకు ప్రభుత్వం అసైన్డ్ భూములిచ్చింది. పదేళ్ల తర్వాత వాటిని అమ్ముకోవచ్చని 1993లో జీవో కూడా వచ్చింది. మామూలు అసైన్డ్ పట్టాలకు ఆ వెసులుబాటు లేదు. కానీ రిజిస్ట్రేషన్‌కు పోతే ఆ సర్వే నంబరు నిషేధిత జాబితాలో కనిపిస్తుంది. కలెక్టర్ నుంచి అభ్యంతరం లేదన్న పత్రం తేవాలి. ధరణి పోయి భూభారతి వచ్చింది. పోర్టల్ పేరు మారినా వరండా అదే. బిడ్డ పెళ్లికి అక్కరకొస్తుందనుకున్న రెండెకరాలు మనవరాలి పెళ్లి నాటికి చేతికొస్తే గొప్ప.

ఉమ్మడి వరంగల్ ఇప్పుడు ఆరు జిల్లాలు. కలెక్టరేట్లు ఆరయ్యాయి గానీ ఫౌజీ పనులకు ఇప్పటికీ హనుమకొండకే రావాలి. ఏటూరునాగారం నుంచి నూరు కిలోమీటర్ల పైమాట. 2003లో మొదలైన ఈసీహెచ్‌ఎస్ వైద్య పథకం పాలీక్లినిక్ ఇక్కడే, క్యాంటీన్ ఇక్కడే. అందుకే పల్లె ఫౌజీలు ఒక్క రోజులో మూడు పనులు పెట్టుకుని వస్తారు. పొద్దున బీపీ మందులు, మధ్యాహ్నం సంతకం, సాయంత్రం సబ్బులు, చాయ్‌పత్తి, ఆ పైన నెల కోటా సీసా. బయటివాళ్లకు కనిపించేది ఆ చివరిదొక్కటే.

పండుగలూ ఉన్నాయి, కాదనను. వెటరన్స్ డే జనవరి 14. ఫీల్డ్ మార్షల్ కరియప్ప 1953లో ఉద్యోగ విరమణ చేసిన రోజది, 2016 నుంచి జరుపుతున్నారు. ఢిల్లీలో నిర్ణయించినవాళ్లకు సంక్రాంతి గుర్తున్నట్టు లేదు. మన దగ్గర ఆ పొద్దు ఇంటింటా సకినాలు, పతంగులు, ఊరి నుంచి వచ్చిన ఆడబిడ్డలు. సభకు వచ్చినవాళ్లు దండ వేసి, జై హింద్ కొట్టి, బండి తిప్పుకుని ఇంటికి పరుగెడతారు. జూలై 26 కార్గిల్ దినం నాడు మాత్రం బడుల నుంచి పిలుపులు వస్తాయి. మెడల్స్ పెట్టుకుని వెళ్తారు. పిల్లలు అడిగే మొదటి ప్రశ్న ఎక్కడైనా ఒకటే: ‘‘మీరు ఎంతమందిని చంపారు సార్?’’ సైన్యంలో వంటవాడిగానో డ్రైవరుగానో నర్సింగ్ అసిస్టెంటుగానో చేసిన మనిషి దానికి ఏం చెప్పాలో తెలియక నవ్వి ఊరుకుంటాడు. సైన్యంలో తుపాకీ పేల్చేవాడి వెనక రొట్టె కాల్చేవాడు, వైరు కలిపేవాడు ఉంటారని ఏ పాఠ్యపుస్తకమూ సరిగా చెప్పదు.

ఆ పిల్లల్లో నిజంగా పటాలానికి పోవాలనుకునేవాడికి దారేది? గల్వాన్‌లో 2020 జూన్ 15న 16 బిహార్ దళాన్ని నడిపిస్తూ నేలకొరిగిన కల్నల్ సంతోష్‌బాబు మన పొరుగు సూర్యాపేటవాడే. మరణానంతరం మహావీర చక్ర పొందిన ఆ మనిషి చదివిన సైనిక్ స్కూల్ మాత్రం విజయనగరం పక్కన కోరుకొండలో ఉంది. రాష్ట్రం విడిపోయాక కోరుకొండ, కలికిరి సైనిక్ స్కూళ్లు రెండూ అవతలికే పోయాయి. ధర్మసాగర్ మండలం ఎల్కుర్తిలో సైనిక్ స్కూల్ అన్న మాట దాదాపు పదేళ్లుగా నానుతోంది. 2024లో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి రక్షణ మంత్రిని కలిసి మళ్లీ అడిగారు. వరంగల్ జిల్లా అశోక్‌నగర్‌లో గిరిజన గురుకులం వారు నడిపే సైనిక పాఠశాల ఉంది, మెచ్చుకోవాల్సిన ప్రయత్నమే. అది రాష్ట్రం పెట్టుకున్నది. కేంద్రం బాకీ బాకీగానే ఉంది.

కొలువుల విషయంలో చట్టం చేతికి ఎముక లేదు. కేంద్ర ప్రభుత్వ గ్రూప్-సి పోస్టుల్లో 10 శాతం, బ్యాంకుల్లో క్లర్కు స్థాయిలో 14.5 శాతం మాజీ సైనికులకు. పదిహేనేళ్లు సర్వీసు చేసిన మెట్రిక్యులేట్‌ను, సాంకేతికం కాని గ్రూప్-సి కొలువులకు డిగ్రీవాడితో సమానంగా చూడాలన్న నిబంధనా ఉంది. అయినా బ్యాంకు ముందు తుపాకీ పట్టుకుని స్టూలు మీద కూర్చున్న ఫౌజీలే మనకు ఎక్కువ కనిపిస్తారు, కౌంటరు వెనక కాదు. పరీక్ష రాయించే తర్ఫీదు సర్వీసు ఆఖరి ఏడాదిలోనే గట్టిగా ఇవ్వాలి. ఈ మాట పెద్దలు సంఘం సమావేశాల్లో ఎప్పటి నుంచో అంటున్నారు, నాకూ నిజమే అనిపిస్తుంది.

ఇప్పుడు సంఘాల ముందు కొత్త చిక్కొకటి ఉంది. 2025 నవంబరులో హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో అగ్నివీర్ ర్యాలీ జరిగింది. నాలుగేళ్ల కొలువది. నూటికి పాతికమంది దాకా సైన్యంలో ఉండిపోతారు. మిగతావారు సేవానిధి కింద దాదాపు 11.71 లక్షలు పట్టుకుని ఇంటికొస్తారు. పింఛను లేదు, ఈసీహెచ్‌ఎస్ లేదు, మాజీ సైనికుడన్న హోదా కూడా లేదు. 2022లో పథకం వచ్చాక చేరిన మొదటి జట్టు నాలుగేళ్లు నిండేది 2026 చివర్లోనే. ఇరవై మూడేళ్ల కుర్రాడు ట్రంకుపెట్టెతో దిగి సంఘం తలుపు తడితే సభ్యత్వ పుస్తకంలో ఎక్కడ రాయాలి? నియమావళి ఏమన్నా, లోపలికి పిలిచి కుర్చీ వెయ్యాలి. మంచు పాత ఫౌజీనీ ఈ కుర్రాడినీ ఒకేలా కొరికింది.

చివరగా చదువరులకు ఒక పని చెప్పాలి.

సైన్యంలో పదిహేనేళ్లు నిండకుండానే ఇంటికి వచ్చేసినవాళ్లున్నారు. రెండో ప్రపంచయుద్ధం కాగానే పంపించేసినవాళ్లు, తండ్రి పోతే సేద్యం చూసుకోవడానికి వచ్చినవాళ్లు. వీళ్లకు సైన్యం పింఛను లేదు, వీళ్ల వితంతువులకూ లేదు. హవల్దారు స్థాయి వరకు పనిచేసి 65 ఏళ్లు దాటిన అలాంటి నిరుపేదలకు, వారి భార్యలకు కేంద్రీయ సైనిక్ బోర్డు నెలనెలా సాయం చేస్తుంది. 4 వేలుండేది. 2025 నవంబరు 1 నుంచి పెట్టుకునే దరఖాస్తులకు 8 వేలు చేశారు. డిసెంబరు 7న బడిపిల్లలు మన చొక్కాకు గుచ్చే చిన్న జెండా ఉంది చూశారా, 1949 నుంచి నడుస్తున్న ఆ పతాక దినోత్సవ నిధిలోంచే ఈ డబ్బు వస్తుంది. సంగతి తెలిసి అడిగినవాళ్లకే అందుతుంది.

మీ వాడలో ‘మిలిటరాయన ఇల్లు’ అని పేరుపడి, ఆయన లేక ఆమె ఒక్కతే మిగిలిన ఇల్లేదైనా ఉంటే ఈ వారం ఒకసారి వెళ్లండి. అటక మీది నల్లపెట్టె దింపించండి. అడుగున డిశ్చార్జి బుక్కు దొరికితే, ఆధార్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ కూడా పట్టుకుని, హనుమకొండ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి ఆమెను వెంటబెట్టుకుని రండి. పేరు తర్వాత సరిచేసుకోవచ్చు. నంబరు ఆమెకు గుర్తుంటుంది.