లోహశోధకము చెప్పునది, చెప్పలేనిది

ఇంగ్లండు తూర్పు భాగమున సఫక్ మండలములో హాక్సన్ అను గ్రామము కలదు. 1992 నవంబరులో అచ్చటి రైతు ఒకడు పొలములో తన సుత్తిని పోగొట్టుకొనెను. ఎంత వెదకినను అది కనబడలేదు. అతని స్నేహితుడు, ఉద్యోగము చాలించిన తోటమాలి యొకడు, దానిని వెదకుటకై తన లోహశోధకమును తీసికొని వచ్చెను. వాడుకలో మెటల్ డిటెక్టర్ అని మనము పిలుచు సాధనము ఇదియే. నవంబరు 16వ తేదీన అతడు దానిని నేలకు దగ్గరగా ఇటునటు ఆడించుచు నడచుచుండగా ఒకచోట గట్టిగా మ్రోత వినవచ్చెను. త్రవ్వి చూడగా వెండి చెంచాలు, బంగారు నగలు, లెక్కకు మిక్కిలిగా నాణెములు బయటపడసాగెను.

అప్పుడతడు చేసిన పని గమనింపదగినది. కొంత త్రవ్విన పిమ్మట, ఇది సామాన్యమైన వస్తువు కాదని గ్రహించి, మిగిలినదానిని ముట్టక విడిచిపెట్టెను. అతడును రైతును అధికారులకు కబురు చేసిరి. మరునాడు పురాతత్త్వజ్ఞులు వచ్చి నిక్షేపమును జాగ్రత్తగా వెలికి తీసిరి. అందు 14,865 రోమను నాణెములుండెను. వానిలో బంగారువి 569, వెండివి 14,272, కంచువి 24. ఇవి గాక సుమారు 200 బంగారు నగలు, వెండి పాత్రలు కూడ దొరకెను. పోయిన సుత్తియు చివరకు దొరకినది. నేడు నిక్షేపముతోబాటు ఆ సుత్తి కూడ లండనులోని బ్రిటిషు మ్యూజియములో నున్నది.

ఈ వృత్తాంతములో విద్యార్థులు ఆలోచింపవలసిన ప్రశ్నలు రెండు కలవు. మట్టి క్రింద కంటికి కనబడని నాణెమును యంత్రమెట్లు పసికట్టినది? త్రవ్వుట నడుమ ఆపివేయుటవలన కలిగిన ప్రయోజనమేమి?

సూత్రము

మొదటి ప్రశ్నకు సమాధానము హైస్కూలు భౌతికశాస్త్ర పుస్తకములోనే యున్నది. మారుచున్న అయస్కాంత క్షేత్రములో నున్న వాహకమునందు విద్యుత్తు ప్రేరితమగునని 1831లో మైకేల్ ఫారడే కనుగొనెను. లోహశోధకము అడుగున పళ్ళెమువలె కనబడు భాగములో రాగి తీగచుట్ట యుండును. దానిగుండ సెకనుకు కొన్ని వేలసార్లు దిశ మార్చుకొను ఏకాంతర విద్యుత్ ప్రవాహమును పంపుదురు. అందువలన చుట్ట చుట్టును అంతే వేగముతో మారుచుండు అయస్కాంత క్షేత్రమేర్పడి నేలలోనికి వ్యాపించును.

ఆ క్షేత్రములో ఒక నాణెమున్నదనుకొందము. నాణెము లోహము గనుక దానిలో విద్యుత్తు ప్రేరితమై, నీటి సుడులవలె గుండ్రముగా తిరుగును. వీనికి సుడి ప్రవాహములని పేరు. ఈ ప్రవాహములు తమవంతుగా మరొక అయస్కాంత క్షేత్రమును పుట్టించును. అనగా అంతవరకు ఊరకున్న నాణెము ఒక చిన్న విద్యుదయస్కాంతముగా మారి బదులు పలుకుచున్నదన్నమాట. పళ్ళెములోనే యున్న రెండవ చుట్ట ఈ బదులును గ్రహించును. మొదటి చుట్ట ప్రభావము నేరుగా రెండవదానిపై పడకుండునట్లు రెండింటిని అమర్చి యుంచుదురు. లోహము దగ్గరకు వచ్చినప్పుడు ఆ సమతౌల్యము చెడి, చెవిలో మ్రోత వినబడును. విమానాశ్రయములలోను, పెద్ద దేవాలయముల వాకిళ్ళలోను మనము దాటి పోవు ద్వారబంధముల వంటి శోధకములకును ఆధారము సుడి ప్రవాహములే.

సుడి ప్రవాహములను తరగతిలో సులభముగా చూపవచ్చును. ఒక మీటరు పొడవు గల అల్యూమినియము గొట్టమును నిలువుగా పట్టుకొని, దానిలో మొదట ఒక చిన్న రాతిముక్కను జారవిడువవలెను. అది అర సెకను గడవకముందే క్రింద పడును. తరువాత గొట్టములో ఒరుసుకొనక పోగల శక్తిమంతమైన నియోడిమియము అయస్కాంతపు బిళ్ళను విడువవలెను. అది మెల్లమెల్లగా దిగును. అల్యూమినియమును అయస్కాంతము ఆకర్షింపదు గదా! మరి దానిని ఆపునదేమి? కదలుచున్న అయస్కాంతమువలన గొట్టపు గోడలలో పుట్టిన సుడి ప్రవాహములే. బంగారము, వెండి, రాగి అయస్కాంతమునకు అంటుకొనకపోయినను శోధకమునకు పట్టుబడుటకు కారణమిదియే.

గార్‌ఫీల్డు శరీరములోని గుండు

ఈ సూత్రమును ఒక ప్రాణమును కాపాడుటకై ప్రయోగించిన వాడు టెలిఫోను నిర్మాత అలెగ్జాండర్ గ్రాహం బెల్. 1881 జూలై 2న అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్‌ఫీల్డును ఒకడు తుపాకితో కాల్చెను. గుండు శరీరములో ఎచ్చట నున్నదో వైద్యులకు తెలియలేదు. ఎక్స్ కిరణములు అప్పటికింకను కనుగొనబడలేదు. డేవిడ్ హ్యూస్ 1879లో రూపొందించిన ప్రేరణ తులను బెల్ ఈ పనికి తగినట్లు మార్చి, దానికి టెలిఫోను తగిలించెను. పూర్వము యుద్ధములో గాయపడి, గుండ్లు శరీరములోనే నిలిచిపోయిన సైనికులపై పరీక్షింపగా అది చక్కగా పనిచేసెను. కాని అధ్యక్షునిపై ప్రయోగించినప్పుడు ఫలితము స్పష్టముగా రాలేదు. ఆయన పరుపులో ఉక్కు తీగలున్నవని తరువాత తెలిసెను. అదిగాక, ప్రధాన వైద్యుడు గుండు కుడివైపున నున్నదని నమ్మి ఆ వైపుననే వెదకనిచ్చెను. సెప్టెంబరు 19న గార్‌ఫీల్డు మరణించెను. శవపరీక్షలో గుండు ఎడమవైపున దొరకినది.

సూత్రములో లోపము లేదు. చుట్టునున్న ఇతర లోహము, తప్పుచోట వెదకుట అను రెండు కారణములవలన ప్రయత్నము చెడినది. నేటికిని లోహశోధకముతో పనిచేయువారు ఎదుర్కొను చిక్కులివియే. రెండవ ప్రపంచ యుద్ధములో జోసెఫ్ కొసాత్స్కి అను పోలిష్ ఇంజనీరు సైనికుడు మోసికొనిపోగల మైన్ల శోధకమును తయారుచేసెను. 1942లో ఎల్ అలమైన్ యుద్ధమున దానిని వాడిరి. యుద్ధానంతరము ట్రాన్సిస్టరులు వచ్చి సాధనము తేలికయై, ధర తగ్గి, సామాన్యుల చేతికి అందినది.

బంగారమా, రేకుముక్కా?

యంత్రము మ్రోగినంతమాత్రమున క్రింద బంగారమున్నదని చెప్పవీలులేదు. అయితే వచ్చిన బదులును బట్టి కొంత ఊహింపవచ్చును. మందముగా నున్న వెండి నాణెములో సుడి ప్రవాహములు బలముగా ఏర్పడి, చాలసేపు నిలుచును. పలుచని రేకులో అవి త్వరగా అణగారును. ఇనుము అయస్కాంత పదార్థము గనుక దాని బదులు వేరు తీరున నుండును. ఈ భేదములను యంత్రము ధ్వనిగానో, అంకెగానో చూపును.

కాని యంత్రము కొలుచునది లోహము పేరును గాదు. దాని వాహకత్వము, పరిమాణము, ఆకారము, ఈ మూడును కలిసిన ఫలితమును మాత్రమే. అందుచేత సన్నని బంగారు ఉంగరమును, శీతలపానీయపు డబ్బా మూతకుండు అల్యూమినియము రింగును ఇంచుమించు ఒకే తీరుగా బదులిచ్చును. రింగులు త్రవ్వలేక విసుగుచెంది అట్టి ధ్వనులను విడిచిపెట్టినవాడు ఉంగరమును కూడ విడిచిపెట్టును. నేల స్వభావము మరొక చిక్కు. ఇనుప ఖనిజము గల ఎర్రమట్టియు, నల్లని ఇసుకయు, ఉప్పునీటితో తడిసిన సముద్రతీరమును తామే బదులు పలికి చిన్న వస్తువుల ధ్వనిని కప్పివేయును.

లోతు లెక్క

గుప్తనిధుల పేరిట జరుగు మోసములను తెలిసికొనుటకు ఒక చిన్న లెక్క చాలును. చుట్టనుండి తగినంత దూరము పోయిన తరువాత దాని అయస్కాంత క్షేత్రము దూరముయొక్క ఘనమునకు విలోమానుపాతముగా తగ్గును. దూరము రెట్టింపైనచో నాణెమును చేరు క్షేత్రము ఎనిమిదవ వంతగును. నాణెము పంపు బదులు కూడ తిరిగి వచ్చుటలో మరల ఎనిమిదవ వంతగును. అనగా దూరము రెట్టింపైనచో చెవికి చేరు సంకేతము 64వ వంతే. 20 సెంటీమీటర్ల దూరమున స్పష్టముగా వినబడిన నాణెము 2 మీటర్ల దూరమున నున్నచో దూరము పదిరెట్లు. సంకేతము పదిలక్షలవ వంతు! అందువలననే విడి నాణెము సాధారణముగా 20, 30 సెంటీమీటర్ల లోతు దాటినచో దొరకుట అరుదు. పెద్ద బిందె, ఇనుప పెట్టె వంటివి ఇంకను కొంత లోతున పట్టుబడవచ్చును, అంతే.

ఇట్లుండగా ఫర్లాంగు దూరమునుండి బంగారమును చూపు యంత్రమున్నదని ఎవరైన చెప్పినచో అది నమ్మదగినదా? ఆరవ ఘాతము నేర్చిన విద్యార్థి దానికి సమాధానము చెప్పగలడు. అట్టి మాటలు నమ్మి సొమ్ము పోగొట్టుకొనువారు, పాత కోటల గోడలను, దేవాలయ మండపములను రాత్రివేళ త్రవ్వి పాడుచేయువారు మన ప్రాంతములలోను కలరు.

యంత్రము చెప్పలేనిది

ఇప్పుడు రెండవ ప్రశ్నను చూతము. హాక్సన్ నిక్షేపములో కొంత భాగమును పురాతత్త్వజ్ఞులు మట్టిగడ్డలతో సహా పెల్లగించి, ప్రయోగశాలలో విడదీసిరి. పాత్రలు ఒకదానిలో ఒకటి పేర్చియుండెను. చుట్టునున్న చెక్క పూర్తిగా మురిగిపోయినను, చిన్న వెండి తాళములను బట్టియు, వస్తువులున్న తీరును బట్టియు అవి ఒక కొయ్యపెట్టెలో భద్రముగా సర్ది దాచినవని తెలిసెను. నాణెములలో చివరివి క్రీ.శ. 407-408 నాటివి. కనుక పెట్టెను పాతినది అటు తరువాతనే. అనగా బ్రిటనులో రోమను పరిపాలన ముగియుచున్న కల్లోల కాలమున. పాత్రలలో మిరియాల పొడి చల్లుకొను వెండి బుడ్లు నాలుగు కలవు. ఆ కాలమున రోమను సామ్రాజ్యమునకు మిరియములు పోవుచుండినది భారతదేశమునుండి. తోటమాలి ఆత్రపడి అన్నిటిని సంచిలో పోసికొని పోయినచో నాణెములు మిగిలియుండును గాని, కొయ్యపెట్టె కథ నశించియుండును.

మన దేశమున కూడ ఇదే న్యాయము. నల్లగొండ జిల్లాలో రోమను నాణెములు దొరకినవి. అవి ఎచ్చట దొరకినవో తెలిసినందువలననే, సముద్రతీరమునకు దూరముగా నున్న తెలంగాణ పల్లెలకును రోమను వర్తకపు సొమ్ము చేరినదని చెప్పగలుగుచున్నాము. అదే నాణెము చోటు తెలుపకుండ కంసాలి మూసలోనికి పోయినచో దాని విలువ తులములలో మాత్రమే మిగులును.

చట్టము చెప్పునదియు ఇదియే. 1878 నాటి భారత నిధినిక్షేపముల చట్టము ప్రకారము పది రూపాయలకు మించిన విలువగల నిక్షేపము దొరకినవాడు, దొరకినది ఏమి, ఎచ్చట, ఏ తేదీన అను వివరములను కలెక్టరుకు వ్రాతమూలకముగా తెలియజేయవలెను. దాచిపెట్టుట శిక్షార్హమైన నేరము. యజమాని ఎవరును లేడని తేలినప్పుడు, తెలియజేసినవానికి భాగమిచ్చు ఏర్పాటును ఆ చట్టములోనే కలదు. రక్షిత పురాతన స్థలములలో అనుమతి లేనిదే త్రవ్వుటను 1958 నాటి చట్టము నిషేధించుచున్నది. హాక్సన్ తోటమాలి కూడ తెలియజేసినందువలన నష్టపోలేదు. ప్రభుత్వము చెల్లించిన 17,50,000 పౌండ్లను అతడును రైతును పంచుకొనిరి.

పొలము దున్నుచుండగానో, ఇంటికి పునాది తీయుచుండగానో పాత నాణెమొకటి బయటపడవచ్చును. అప్పుడు దానిని చింతపండుతో తోమరాదు, చుట్టుప్రక్కల గుల్లచేయరాదు. చోటు గుర్తుపెట్టి, తేదీ వ్రాసికొని, పాఠశాలలోని ఉపాధ్యాయునికో, తహసీలుదారునికో చెప్పవలెను. నేలలో లోహమున్నదని చెప్పుట యంత్రము పని. అది అచ్చటికెట్లు వచ్చినదో చెప్పగలిగినది దాని చుట్టునున్న మట్టి మాత్రమే. ఆ మట్టిని ఒకసారి కదిపినచో మరల యథాస్థానమున పెట్టుట ఎవరి తరమును కాదు.