బంతికీలు, దాని తొడుగు

విజయవాడ రహదారి వెంట హైదరాబాదు చేరువారు ముందు లాల్ బహదూర్ నగరును, పిదప దిల్‌సుఖ్‌నగరును దాటుదురు. 2018 నుండి ఆ బాట మీదుగా మెట్రోరైలు నడచుచున్నను, క్రింద మోటారుల రద్దీ మెండు. వర్షాకాలపు గుంతలలో పడిలేచు కార్లలో చేటునకు లోనగు చోట్లలో నొకటి ముందు చక్రములకడ నుండు బంతికీలు.

మన తుంటియెముక తల గిన్నెవంటి గుంటలో నిమిడి యెల్లదెసలకు కదలునట్లే, ఇచ్చట ఉక్కుబంతి గిన్నెలో తిరుగును. దాని చుట్టును గ్రీజు. ఆ గ్రీజును కాచునది చిన్న రబ్బరు తొడుగు. అది చినిగెనా, నీరును దుమ్మును జొచ్చి, గ్రీజు సానపొడివలె మారి బంతిని అరగదీయును. కడచీల యూడిన బండిచక్ర మేమగునో మీకు చెప్పవలెనా? అరిగిన బంతి గిన్నెనుండి యూడినచో కారుచక్రమును అట్లే వాలిపోవును.

తొడుగు చినిగినంతనే కీలంతయు మార్పనక్కరలేదు. కాని పరీక్ష యొకటి కలదు. కారును జాకీతో నెత్తి, దృఢమైన స్టాండులపై నిలిపి, కడ్డీతో కీలును మీటి చూడవలయును. వట్టి జాకీని నమ్మి క్రింద దూరరాదు. బంతి వదులుగా కదలినచో క్రొత్త తొడుగు పుండును కప్పిన పట్టుగుడ్డయే, కీలునే మార్పింపుడు. బిగువుగా నున్నచో నట్టు సడలించి, పుల్లరుతో కీలును విడదీసి, పాత గ్రీజు తుడిచి, క్రొత్తది పెట్టి తొడుగెక్కింతురు. సుత్తితో మోదెడి తొందరపాటు మెకానిక్కులును గలరు. ఆ దెబ్బలకు మరచుట్లు చెడును. గ్రీజు మితిమీర కూరిన తొడుగు పిగులును. తుదకు నట్టును కంపెనీ చెప్పిన బిగువునకే బిగించి, దానికి గ్రుచ్చు పిన్నును క్రొత్తదే వేయింపుడు.