పాత లెన్సు కొనేముందు

పోయిన ఏడు పత్తి ఏరే పనులు ముగిసిన తరువాత ఒక సాయంకాలము మా సంఘములోని ఒక తల్లి మా ఇంటికి వచ్చింది. కొంగున కట్టిన ముడి విప్పి ఐదు వేల రూపాయలు మా చేతిలో పెట్టింది. "అయ్యగారూ, పోరడు లెన్సు లెన్సు అని నెలదినాల సంది పానం తీస్తున్నడు. ఇవి నా పత్తి కూలి పైసలు. మీరు ఎంబడివోయి జర మంచిది చూసి ఇప్పియ్యుండ్రి" అన్నది.

ఆమె భర్త చనిపోయి ఆరేండ్లయినది. కుమారుడు ఇంటర్ చదివి, హన్మకొండలోని ఒక ఫొటో స్టూడియోలో పని నేర్చుకొన్నాడు. యజమాని తాను వాడి ప్రక్కన పెట్టిన నికాన్ డి90 కెమెరాను అతనికి తక్కువ ధరకు ఇచ్చాడు. కెమెరా ఉన్నది, పని వచ్చు, పెండ్లిండ్లకు పిలిచేవారూ ఉన్నారు. లేనిదల్లా వెలుతురు తక్కువగా ఉన్నచోట పనికివచ్చే లెన్సు.

ప్రియ పాఠకులారా, లెన్సు కెమెరాకు కన్ను వంటిది. మీ ఇంటి పిల్లి కన్ను చూడండి. మిట్టమధ్యాహ్నము దాని కంటిపాప సన్నని గీతలా ముడుచుకొంటుంది. చీకటి పడితే గుండ్రముగా విచ్చుకొంటుంది. లెన్సు లోపల ఆ పని చేసేవి పలుచని రేకులు. అవి ఎంత తెరుచుకొన్నవో తెలుపుటకు అంకెలు ఉంటాయి. అంకె చిన్నదైతే ద్వారము పెద్దది. అంకె పెద్దదైతే ద్వారము చిన్నది. అబ్బాయి దగ్గరున్న జూమ్ లెన్సు దూరపువాటిని దగ్గరకు లాగినప్పుడు 5.6కు మించి తెరుచుకోదు. అతడు కోరిన 50 మిల్లీమీటర్ల లెన్సు 1.8 వరకు తెరుచుకొంటుంది. అనగా దాదాపు పది రెట్లు ఎక్కువ వెలుతురు లోనికి వస్తుంది. రాత్రిపూట పెండ్లి పందిరిలో, దీపాలు అంతంతమాత్రముగా ఉన్న పల్లెటూరి మందిరములో ఇది చిన్న తేడా కాదు.

మన ఓరుగల్లుకు కెమెరా నిన్న మొన్న వచ్చినది కాదు. ఆరవ నిజాము కొలువులో ఫొటోగ్రాఫరుగా ఉన్న రాజా దీన్‌దయాళ్ (1844–1905) హన్మకొండ వేయిస్తంభాల గుడిని ఫొటో తీశారు. వరంగల్లులో పుట్టిన భరత్ భూషణ్ తెలంగాణ పల్లె బ్రతుకును, బతుకమ్మను ఫొటోలలో నిలిపి 2022లో కన్నుమూశారు. అటువంటి పనిలోనికి ఒక కూలితల్లి బిడ్డ వస్తానంటే కాదనుటకు మాకు మనసొప్పలేదు. అతనిని వెంటబెట్టుకొని హైదరాబాదుకు బయలుదేరాము.

తొందరలో చేసిన బేరము

2018 నుండి పెద్ద కంపెనీలు ఒక్కొక్కటిగా లోపల అద్దము లేని కొత్త రకము కెమెరాలవైపు మళ్ళాయి. స్తోమత గలవారు కొత్తవి కొని పాతవి అమ్ముకొంటున్నారు. అందువలన మంచి పాత లెన్సులు సగము ధరకే దొరుకుతున్నాయి. ఎండలో, వానలో పడి నలిగినవి కూడా వాటి మధ్యనే కూర్చుంటాయి.

మేము వెళ్ళిన దుకాణములో అబ్బాయి కోరిన లెన్సు దొరికింది. పై గాజు తళతళలాడుచున్నది. ఒంటిమీద గీత లేదు. అబ్బాయి దానిని కెమెరాకు తగిలించగానే తెరమీద ఎఫ్.ఇ.ఇ. అనే మూడు అక్షరాలు మెరిశాయి. చెడిపోయినదేమోనని మేము కంగారుపడ్డాము. అతడు నవ్వి, లెన్సుమీద ఉన్న పట్టీని 22 అంకెకు త్రిప్పి తాళము వేశాడు, అక్షరాలు మాయమయ్యాయి. ఆ కెమెరాకు ఈ లెన్సు తగిలించినప్పుడు పట్టీ 22 మీదనే ఉండవలెనట. తరువాత దుకాణములోనే, ట్యూబులైటు క్రింద, మా ముఖాన్ని నాలుగు ఫొటోలు తీశాడు. చక్కగా వచ్చాయి.

అంగడివాడు మొదట ఐదున్నర వేలు అన్నాడు. బిల్లు అడగకపోతే ఐదు వేలకే ఇస్తానన్నాడు. సికింద్రాబాదులో రైలు అందుకొనే తొందరలో ఉన్నాము. ఐదు వందలు మిగిలినవని సంతోషించి, బిల్లు లేకుండానే బయటికి వచ్చాము. ఎవరు ఏది అమ్మినా రసీదు తీసుకొమ్మని సంఘములో చెప్పేది మేమే!

పెండ్లి నాడు ఏమి జరిగింది

పదిహేను రోజుల తరువాత పరకాల వైపు ఒక పల్లెలో పెండ్లి. అబ్బాయి స్వంతముగా ఒప్పుకొన్న మొదటి పని అది. మందిరములో తీసిన ఫొటోలు కొంచెము మసకగా అనిపించినా బాగానే ఉన్నాయి. బయటికి వచ్చి ఎండలో తీసినవి మాత్రము సున్నము కొట్టినట్లు తెల్లబోయాయి. ఎండ తీక్షణతకు కెమెరా తెర సరిగా కనబడలేదు. చుట్టాల తొందరలో ఆగి చూసుకొనే తీరిక లేదు. రాత్రి ఇంటికి వచ్చి చూచుకొంటే, పెండ్లికూతురు గడప దగ్గర తన నాయనమ్మను కావలించుకొన్న ఫొటోలో ముసలామె ముఖమే లేదు. తెల్లని మచ్చ మాత్రమే ఉన్నది. అంతగా తెల్లబారిన చోటును కంప్యూటరులో వేసి దిద్దినా తిరిగి రాదు.

రెండు దినాలు అబ్బాయి ఫోను ఎత్తలేదు. తల్లి మా దగ్గరకు వచ్చి, "పైసలు పోతే పోయినయి అయ్యగారూ, పోరని పేరు పోయింది" అని ఏడ్చింది. లెన్సు ఇప్పించినది మేము. ఆ మాట మాకు ముల్లులా గుచ్చుకొన్నది.

దుకాణమునకు ఫోను చేశాము. అమ్మిన సరుకు వాపసు తీసుకోమన్నారు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులోగా, గడువు వ్రాయకపోతే ముప్పది దినాలలోగా వాపసు తీసుకొని డబ్బు ఇవ్వ నిరాకరించుట తప్పుడు వ్యాపారమే. కాని ఏమి చూపించి అడగగలము? మిగిలిందనుకొన్న ఐదు వందలకు మా నోటిని మేమే అమ్ముకొన్నాము.

అబ్బాయి స్నేహితుడొకడు సలహా చెప్పాడు: "ఆన్‌లైనుల పెట్టురా, పైకి కొత్తగనే ఉన్నది. ఎవడో ఒకడు కొంటడు." నిజము చెప్పవలెనంటే, తప్పుడు త్రాసును గూర్చి ఆదివారము ప్రసంగించే మాకు కూడా ఆ మాట ఒక్క క్షణము బాగానే తోచింది. కూలితల్లి డబ్బు తిరిగి వస్తుంది గదా అనుకొన్నాము. అబ్బాయే తల అడ్డముగా ఊపాడు. "వాడు తీసే పెండ్లి ఫొటోలు గూడ గిట్లనే అయితే?" అన్నాడు. మేము మాట్లాడలేదు.

లెన్సు లోపల చూచినది

వరంగల్లులో రీలు కెమెరాల కాలము నుండి కెమెరాలు, వాచీలు బాగుచేసే పెద్దాయన ఒకరున్నారని తెలిసి లెన్సు తీసుకొని వెళ్ళాము. ఆయన దానిని కెమెరానుండి విడదీసి, గది తలుపు మూసి, ఒక వైపు నుండి టార్చి వేశారు. "ఇగో, చూడుండ్రి" అని మాకు అందించారు. లోపలి గాజు అంచున సాలెగూడు వంటి సన్నని తెల్ల పోగులు కనబడ్డాయి. అది బూజు. తరువాత లెన్సు వెనుకనున్న చిన్న మీటను వేలితో కదిపి వదిలారు. చిటుక్కున మూసుకోవలసిన రేకులు నిద్రమత్తులో ఉన్నవానివలె మెల్లగా కదిలాయి. వాటిమీద నూనె మెరుస్తున్నది.

"ఏం సారూ, కొనేటప్పుడు ఒక్కపారి టార్చి కొట్టి చూడకపోయిండ్రా?" అన్నారు. మా దగ్గర జవాబు లేదు.

అప్పుడు సంగతి అర్థమైనది. మనము బటను నొక్కేవరకు కెమెరా ఆ రేకులను పూర్తిగా తెరచి ఉంచుతుంది. నొక్కగానే స్ప్రింగు వాటిని కావలసినంత మేర మూస్తుంది. దుకాణములోను, మందిరములోను ద్వారము పూర్తిగా తెరచి 1.8 మీదనే తీశాడు గనుక రేకులు కదలవలసిన పని లేదు, లోపము బయటపడలేదు. ఎండలో 8 అంకె పెట్టినప్పుడు రేకులు మూసుకోవాలి. నూనె పట్టి అవి ఆలస్యము చేస్తే వెలుతురు వరదలా లోపలికి వస్తుంది. 8కి బదులు 1.8 వద్దనే నిలిచిపోతే దాదాపు ఇరవై రెట్లు ఎక్కువ! మందిరములో ఫొటోలు మసకగా వచ్చుటకు కారణము బూజు.

ఇది లెన్సు తయారుచేసిన కంపెనీ తప్పు కాదు. పాత యజమాని దానిని వేడిలో ఉంచినందున లోపలి గ్రీజు కరగి నూనె రేకులమీదికి పాకింది. తేమలో మూతవేసి పెట్టినందున బూజు పట్టింది. బూజు గాజుమీది దుమ్మును, జిడ్డును తిని బ్రతుకుతుంది. అది వదిలే ఆమ్లము గాజుమీది పలుచని పూతను కొరుకుతుంది. ముందుగా పట్టుకొంటే తుడిచివేయవచ్చు. ఆలస్యమైతే బూజు పోయినా మచ్చ పోదు.

పెద్దాయన మూడు దినాలు తీసుకొన్నారు. ఆ లెన్సులో ఆరు గాజులు ఉంటాయి. ఒక్కొక్క భాగము విప్పునప్పుడు అది ఎటు తిరిగి ఉన్నదో పెన్సిలుతో గుర్తు పెట్టుకొన్నారు. రేకులను లైటరు పెట్రోలుతో కడిగి పూర్తిగా ఆరబెట్టారు. వాటికి మరల నూనె వేయలేదు. ఆ రేకులు పొడిగానే ఉండవలెనట. బూజును హైడ్రోజన్ పెరాక్సైడు, అమోనియా కలిపిన మందుతో తుడిచారు. కూలి తొమ్మిది వందలు. "అంచుల చిన్న మచ్చ మిగిలింది సారూ. దీపానికి ఎదురుగ తీస్తే జర తెలుస్తది, మిగతప్పుడు తెల్వది" అని దాచకుండా చెప్పారు. ఆ తొమ్మిది వందలు మేము ఇచ్చాము; అది మా వంతు.

తిరిగి వెళ్ళుట

అబ్బాయికి ఇంకొక పని మిగిలి ఉన్నది. పెండ్లివారి గడప త్రొక్కుటకు అతడు భయపడ్డాడు. మేము తోడు వెళ్ళాము గాని మాట్లాడినది అతడే. చెడిపోయిన ఫొటోలు చూపించి, తప్పు ఒప్పుకొని, వారిచ్చిన బయానా డబ్బు తిరిగి ఇచ్చాడు. పెండ్లికూతురు తండ్రికి కోపము వచ్చింది, రావలసినదే. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరకు ఆ నాయనమ్మే, "పిల్ల పండుగకు వస్తది. అప్పుడొచ్చి తియ్యి బిడ్డా, నేను ఉంటగదా" అన్నది.

ఈస్టరు నాడు పిల్ల పుట్టింటికి వచ్చింది. అదే గడప, అదే చీర, అదే మిట్టమధ్యాహ్నపు ఎండ. అబ్బాయి అదే లెన్సుతో, అదే 8 అంకెమీద తీశాడు. ప్రతి ఫొటో తరువాత తెరమీద గుడ్డ కప్పుకొని చూచుకొన్నాడు. ముసలామె ముఖములోని ప్రతి ముడత వచ్చింది.

మీరు కొనునప్పుడు

మన పల్లెలలో చాలామంది యువకులు ఈ పనిలోనికి వస్తున్నారు. వారి కొరకు, వారికి డబ్బు ఇచ్చే తల్లిదండ్రుల కొరకు మేము నేర్చుకొన్నవి వ్రాయుచున్నాము.

1. కెమెరాకు, లెన్సుకు జత కుదరవలెను. మేము కొన్న రకము పాత లెన్సుకు సొంత మోటారు ఉండదు. డి90 కెమెరాలో మోటారు ఉన్నది గనుక సరిపోయింది. నికాన్ డి3000, డి5000 వరుస కెమెరాలలో అది లేదు. వాటికి తగిలిస్తే చేతితో త్రిప్పి సరిచూసుకోవలసినదే.

2. లెన్సును విడదీసి, చీకటిలో టార్చి వేసి రెండు వైపుల నుండి చూడండి. కొద్దిపాటి దుమ్ము ఫొటోకు అడ్డము కాదు. సాలెపోగులు, పొగమంచు వంటి తెర కనబడితే వదిలివేయండి.

3. వెనుక మీట కదిపి వదలండి. రేకులు చిటుక్కున మూసుకోవాలి, పొడిగా ఉండాలి.

4. నీడలోను, ఎండలోను, చిన్న అంకెమీదను, పెద్ద అంకెమీదను ఫొటోలు తీసి చూడండి. దుకాణము లోపల తీసిన ఫొటోను మాత్రమే నమ్మవద్దు.

5. బిల్లు లేకుండ కొనవద్దు. అన్యాయము జరిగితే జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోను చేయవచ్చు.

6. వానకాలములో తోలు సంచిలో మూసి పెట్టవద్దు. గట్టి మూత గల డబ్బాలో సిలికా జెల్ గుళికలతో ఉంచండి. నీలి గుళికలు తేమ పీల్చి గులాబీ రంగుకు మారితే, వంటకు వాడని రేకుమీద సన్నని సెగపై వేడిచేయండి. మరల నీలిగా మారుతాయి. పిల్లలకు అందనీయవద్దు. వారానికి ఒకసారి లెన్సు బయటికి తీసి వాడండి.

7. ఇంటిలో విప్పవద్దు. తెలిసినవారికి ఇవ్వండి.

మొన్న ఒకరు ఆ లెన్సును నాలుగు వేలకు అడిగారట. అబ్బాయి ముందు టార్చి వేసి అంచున ఉన్న మచ్చ చూపించాడు. అతడు ఇంకొకటి చూచుకొంటానని వెళ్ళిపోయాడు. "మంచిగైంది అయ్యగారూ, ఇది నాకే అక్కెరకొస్తది" అన్నాడు అబ్బాయి. వచ్చే నెల అతనికి రెండు పెండ్లిండ్లు ఉన్నాయి. అందులో ఒకటి ఆ నాయనమ్మ ఊరిలోనే. చెప్పి పిలిపించినది ఆమేనట.