మూడో భాగం... ముగియని ఊహలు!

కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు?

2015 జులై నుంచి 2017 ఏప్రిల్ దాకా ఈ ప్రశ్న మనల్ని ఎంతలా వేధించిందో గుర్తుంది కదా! టీకొట్టు దగ్గర, బస్సులో, ఆఫీసులో... నలుగురు చేరితే చాలు, ఎవరి సిద్ధాంతం వాళ్లది. రెండేళ్లకే మనం అంత గిలగిల్లాడిపోయాం. మరి అదే ఉత్కంఠలో పద్దెనిమిదేళ్లు కూర్చోవాల్సి వస్తే?

'హాఫ్ లైఫ్' అనే కంప్యూటర్ ఆట అభిమానుల పరిస్థితి అచ్చంగా అదే. 2007 అక్టోబరు 10న ఆ సైన్స్ ఫిక్షన్ కథలో ఓ భాగం విడుదలైంది. దాని చివరి దృశ్యంలో కూతురి కళ్లెదుటే తండ్రిని చంపేస్తుందో గ్రహాంతర జీవి. ఆ అమ్మాయి తండ్రి మీద పడి ఏడుస్తూ ఉండగానే తెర నల్లబడిపోతుంది. తరువాయి భాగం ఆ ఏడాది క్రిస్మస్‌కల్లా వస్తుందని అంతకుముందే కంపెనీ చెప్పి ఉంది కాబట్టి ఎవరూ పెద్దగా కంగారు పడలేదు. కొంచెం ఆలస్యమవుతుందేమో... అనుకున్నారంతే. 2025 చివరికి కూడా హాఫ్ లైఫ్-3 మీద ఒక్క ప్రకటన లేదు. అభిమానులు మాత్రం ఊహిస్తూనే ఉన్నారు!

మాట్లాడని హీరో

మైక్రోసాఫ్ట్‌లో పదమూడేళ్లు పనిచేసి బయటికొచ్చిన గేబ్ న్యూవెల్, సహోద్యోగి మైక్ హారింగ్టన్‌తో కలిసి 1996లో అమెరికాలో 'వాల్వ్' సంస్థను పెట్టారు. వాళ్ల మొదటి ఆటే హాఫ్ లైఫ్. 1998 నవంబరులో వచ్చింది. హీరో పేరు గోర్డన్ ఫ్రీమన్. కండలు తిరిగిన సైనికుడేం కాదు, కళ్లద్దాలు పెట్టుకున్న భౌతికశాస్త్రవేత్త. న్యూమెక్సికో ఎడారిలో 'బ్లాక్ మెసా' అనే రహస్య ప్రయోగశాలలో ఉద్యోగం. ఓ రోజు ప్రయోగం వికటించి వేరే లోకానికి తలుపు తెరుచుకుంటుంది. వింత జీవులు వచ్చిపడతాయి. మన శాస్త్రవేత్త చేతికి మొదట దొరికిన ఆయుధం క్రోబార్... పెట్టెలు పగలగొట్టే వంపు తిరిగిన ఇనప కడ్డీ!

అప్పటిదాకా ఇలాంటి ఆటల్లో కాసేపు కాల్పులు, మధ్యలో కాసేపు చిన్న సినిమా. హాఫ్ లైఫ్‌లో ఆ సినిమా ముక్కలు లేవు. మొదటి నుంచి చివరిదాకా గోర్డన్ కళ్లతోనే అంతా చూస్తాం. పైగా అతను ఒక్క మాటా మాట్లాడడు. ఎవరూ మనకు కూర్చోబెట్టి కథ చెప్పరు. గోడ మీద రాత, పక్కగదిలోంచి వినిపించే మాట, దూరంగా నడిచివెళ్లే ఓ మనిషి... వీటిని బట్టి మనమే అల్లుకోవాలి. ఊహించడం అన్న జబ్బు ఆ ఆటే అంటించిందన్నమాట.

మన నెట్‌సెంటర్లలో కుర్రాళ్లు గంటల లెక్కన డబ్బులు కట్టి ఆడిన 'కౌంటర్ స్ట్రైక్' తెలుసుగా? అదీ దీని కడుపున పుట్టిందే. ఇద్దరు అభిమానులు హాఫ్ లైఫ్‌ను మార్చి 1999లో తయారుచేసుకున్న ఆట అది.

2004 నవంబరు 16న హాఫ్ లైఫ్-2 వచ్చింది. ఈసారి భూమి మొత్తం 'కంబైన్' అనే గ్రహాంతర సామ్రాజ్యం చేతిలో ఉంటుంది. కథ జరిగేది 'సిటీ-17'లో. పాత రైల్వేస్టేషను, రంగు వెలిసిన అపార్ట్‌మెంట్లు, వాటి మధ్యలోంచి ఆకాశంలోకి చొచ్చుకుపోయిన ఇనప కోట. బల్గేరియా రాజధాని సోఫియాలో పుట్టిన విక్టర్ ఆంటొనోవ్ ఆ నగరానికి రూపకర్త. తను పుట్టిపెరిగిన తూర్పు ఐరోపానే ఆయన అందులో దించారు. ఇక ఆటలో కొత్తదనం 'గ్రావిటీ గన్'. రంపం బిళ్ల నుంచి స్నానాల తొట్టె దాకా ఏది దొరికితే దాన్ని లాగి శత్రువు మీదికి విసరొచ్చు. వస్తువులకు బరువుంటుంది, దొర్లుతాయి, నీళ్లలో తేలతాయి. 2004లో అది చూసి నోళ్లు వెళ్లబెట్టని వాళ్లు లేరు.

తర్వాతి ఆటకు మళ్లీ ఆరేళ్లు పట్టకూడదని వాల్వ్ ఓ ఆలోచన చేసింది. మూడు చిన్న భాగాలు... ఎపిసోడ్లు. మొదటిది 2006 జూన్‌లో, రెండోది 2007 అక్టోబరులో వచ్చాయి. మూడోది ఏమైందన్నదే మన కథ!

ఆ కోటు మనిషి ఎవరు?

ఎపిసోడ్-2 వదిలేసిన ముడులు చాలా ఉన్నాయి. మంచు ప్రాంతంలో చిక్కుకున్న 'బొరియాలిస్' అనే ఓడ ఒకటి. అందులో భయంకరమైన సాంకేతిక రహస్యం ఏదో ఉంది. దాన్ని వాడుకోవాలా, నాశనం చేయాలా? నాశనం చేయమన్న తండ్రి ఇలై వాన్స్ చనిపోయాడు. కూతురు అలిక్స్, గోర్డన్ అక్కడికి బయల్దేరాలి.

వీటన్నిటి వెనక ఓ మనిషి. సూటు, చేతిలో బ్రీఫ్‌కేసు, ఊపిరి తప్పుగా పీల్చుకుంటున్నట్టు విచిత్రమైన మాట. అభిమానులు పిలిచే పేరు 'జీ-మాన్'. ఎక్కడి నుంచి వస్తాడో తెలీదు, కాలాన్ని ఆపేసి గోర్డన్‌ను తీసుకెళ్లి ఎక్కడో దాచేస్తాడు, మళ్లీ అవసరమైనప్పుడు దింపుతాడు. అతను భవిష్యత్తు నుంచి వచ్చిన గోర్డనేనని ఒక వర్గం వాదన. కాదు, ఇంకా పెద్ద శక్తులెవరికో గుమాస్తా అని మరో వర్గం. ఫొటోలు పక్కపక్కన పెట్టి ముక్కూ గడ్డం కొలిచినవాళ్లూ ఉన్నారు!

2011లో అదే సంస్థ 'పోర్టల్-2' విడుదల చేసింది. అందులో దారి తప్పి తలుపు తోసుకెళ్తే ఖాళీ ఓడరేవు గది ఒకటి కనిపిస్తుంది. ఓడ లేదు. దాని పేరున్న రక్షణ ట్యూబు మాత్రం ఉంది: బొరియాలిస్. ఇంకేముంది... అభిమానులకు పండగే. మూడో భాగం పని నడుస్తోందనడానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

వాల్వ్ ఆటల పేర్లు చూస్తే పోర్టల్-2, టీమ్ ఫోర్ట్రెస్-2, లెఫ్ట్ ఫోర్ డెడ్-2, డోటా-2. వీళ్లకు మూడు అంకె రాదని ఓ జోకు పుట్టింది. ఎక్కడ మూడు కనపడినా 'హాఫ్ లైఫ్-3 ఖాయం' అనడం ఇంకో జోకు. ఎవరి లెక్క ఎలా ఉన్నా తిప్పి తిప్పి మూడు తేల్చడమే ఆట.

జోకులే కాదు, కోపాలూ ఉన్నాయి. 2011లో ఇద్దరు అభిమానులు బెల్‌వ్యూలోని వాల్వ్ ఆఫీసు ముందు అట్టలు పట్టుకుని నిలబడ్డారు. 2012 ఫిబ్రవరిలో మరో రకం నిరసన. ఫలానా రోజు అందరం కలిసి హాఫ్ లైఫ్-2 ఆడదాం, అప్పుడైనా ఓ మాట చెబుతారేమో... అని పిలుపిచ్చుకున్నారు. 13 వేల మందికి పైగా ఒకేసారి ఆడారు. వాళ్లడిగింది ఆటను కాదు. వస్తుందో రాదో చెప్పమని. అంతే! న్యాయమైన కోరికే అనిపిస్తుంది నాకైతే. చెప్పకపోవడం వల్లే ఊహలు ఇంత పెరిగాయి.

రచయిత ఉత్తరం

మార్క్ లెయిడ్‌లా సైన్స్ ఫిక్షన్ నవలలు రాసుకునే రచయిత. 1997లో వాల్వ్‌లో చేరి ఈ కథలన్నీ రాసింది ఆయనే. 2016లో సంస్థను వదిలేశారు. 2017 ఆగస్టులో ఉన్నట్టుండి ఓ ఉత్తరం బయటపెట్టారు. గోర్డన్ తన మిత్రులకు రాసినట్టుగా ఉంటుందది. పేర్లు మార్చారు, ఆడవాళ్లను మగవాళ్లుగా, మగవాళ్లను ఆడవాళ్లుగా చేశారు. అయినా ఎవరికి తెలీదు! మూడో ఎపిసోడ్ కథను తన మనసులో ఉన్నట్టుగా ఆయన చెప్పేశారు. కాలంలో ముందుకూ వెనక్కూ ఊగిసలాడే ఓడ. దాన్నే బాంబుగా మార్చి కంబైన్ గుండెల్లోకి నడపడం. చివరి క్షణంలో జీ-మాన్ వచ్చి అలిక్స్‌ను తీసుకుపోవడం, గోర్డన్‌ను వదిలేయడం. తీరా చూస్తే శత్రువు ఎంత పెద్దవాడంటే, ఆ పేలుడు అతనికి చీమ కుట్టినట్టు కూడా కాదు.

పదేళ్లు ఎదురుచూసిన వాళ్లకు ఒక ఉత్తరం దక్కింది. కొందరు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. కొందరు కోపమంతా తీసుకెళ్లి ఏ పాపం తెలియని డోటా-2 మీద చెడ్డ సమీక్షల రూపంలో కుమ్మరించారు. ఆ ఉత్తరం పెట్టకుండా ఉండాల్సిందని లెయిడ్‌లాయే తర్వాత బాధపడ్డారు. కొందరు అభిమానులైతే దాన్నే ఆధారం చేసుకుని 'ప్రాజెక్ట్ బొరియాలిస్' పేరుతో సొంతంగా ఆట తయారుచేయడం మొదలుపెట్టారు. 2025లో దాని నాంది భాగం బయటికొచ్చింది. ఎనిమిదేళ్లకు నాంది! నవ్వకండి. ఇలాగే మొదటి హాఫ్ లైఫ్‌ను 'బ్లాక్ మెసా' పేరుతో అభిమానులే తిరిగి నిర్మించి 2020లో పూర్తిచేశారు, ఏళ్లకేళ్లు పట్టినా సరే.

అదే 2017 అక్టోబరులో రాబర్ట్ గియోమ్ కన్నుమూశారు. 'లయన్ కింగ్'లో కోతి బాబా రఫీకీ గొంతు ఆయనదే. హాఫ్ లైఫ్‌లో ఇలై వాన్స్ గొంతూ ఆయనదే. సిటీ-17ను గీసిన ఆంటొనోవ్ 2025 ఫిబ్రవరిలో వెళ్లిపోయారు. కాలేజీ రోజుల్లో గ్రావిటీ గన్ పట్టినవాళ్లకు ఇప్పుడు కాలేజీకెళ్లే పిల్లలున్నారు.

అసలెందుకు ఆగింది?

హాఫ్ లైఫ్-2కు ఇరవై ఏళ్లు నిండిన సందర్భంగా 2024 నవంబరులో వాల్వ్ ఓ డాక్యుమెంటరీ విడుదల చేసింది. అందులో మొదటిసారి మూడో ఎపిసోడ్ ముక్కలు చూపించారు. మంచు చల్లే తుపాకీ. దాంతో గడ్డకట్టిన గోడ లేపొచ్చు, జారిపోయే దారి వేసుకోవచ్చు. ఆకారం లేకుండా ముద్దలా పాకే శత్రువు. పని మొదలైన మాట నిజమే! ఆపేసి మరో ఆట మీదికి వెళ్లారు. ఆ తర్వాత తిరిగి రాలేదు.

కారణం న్యూవెల్ నోటే వచ్చింది. కథ మిగిలింది కదా అని ఆట చేయడం ఆయన దృష్టిలో బద్ధకం. ఆటల ప్రపంచాన్ని మూడో ఎపిసోడ్ ఏ కొత్త మెట్టు ఎక్కిస్తుందో తనకు కనిపించలేదని ఒప్పుకొన్నారు.

ఇన్నేళ్ల జోస్యాలు ఎక్కడ తప్పాయో ఇక్కడ తెలుస్తుంది. అభిమానులు వెతికింది కథను. ఓడలో ఏముంది, కోటు మనిషి ఎవరు, అలిక్స్ ఏమవుతుంది... తయారుచేసేవాళ్ల తలనొప్పి వేరు. వాళ్లకు కథ అనేది కొత్త యంత్రవిద్యకు తొడిగే చొక్కా. మొదటి ఆటకు తెగని చూపు, రెండోదానికి బరువున్న వస్తువులు దొరికాయి. మూడోదానికి సరిపడేది దొరకలేదు, అందుకని చొక్కా కుట్టలేదు.

పైగా తొందరేముంది? హాఫ్ లైఫ్-2 ఆడాలంటే వాల్వ్ వారి 'స్టీమ్' దుకాణం కంప్యూటర్లో పెట్టుకోవడం తప్పనిసరి చేశారు. అదే పెరిగి పెద్దదై, ప్రపంచంలోని కంప్యూటర్ ఆటల అమ్మకాల్లో సింహభాగం అక్కడే జరిగే స్థాయికి చేరింది. డబ్బు కోసం మూడో భాగం తీయాల్సిన అగత్యం లేదు. ఎవరు ఏ పని చేయాలో ఎవరికి వారే ఎంచుకునే పద్ధతి ఆ ఆఫీసుది. ప్రపంచం మొత్తం కాచుకుని కూర్చున్న ఆటను నెత్తిన ఎత్తుకునే ధైర్యం ఎవరికుంటుంది చెప్పండి!

ఎవరూ ఊహించనిది

2019 నవంబరులో వాల్వ్ ఎట్టకేలకు నోరు విప్పింది. కొత్త హాఫ్ లైఫ్ వస్తోంది... కానీ మూడోది కాదు! 'హాఫ్ లైఫ్: అలిక్స్'. కథ రెండో ఆటకు అయిదేళ్ల ముందు జరుగుతుంది. తలకు కళ్లజోడు యంత్రం తగిలించుకుని, చేతులు కదుపుతూ ఆడాలి. ఆ యంత్రం కొనే స్తోమత ఎంతమందికుంది? చాలామంది నిట్టూర్చారు. వెనకటి కథ కాబట్టి ముందుకు ఒక్క అడుగూ పడదనే అందరి అంచనా.

2020 మార్చి 23న ఆట వచ్చింది. చివరికొచ్చేసరికి దిమ్మతిరిగింది. జీ-మాన్ అలిక్స్‌కు భవిష్యత్తు చూపిస్తాడు. తండ్రి చావబోయే ఆ క్షణం... 2007లో అందరూ చూసిన అదే దృశ్యం. ఆమె ఆ జీవిని చంపి తండ్రిని కాపాడుకుంటుంది. బదులుగా జీ-మాన్ ఆమెను తీసుకుపోతాడు. తర్వాత మనం మళ్లీ గోర్డన్ కళ్లతో చూస్తాం. ఎదురుగా ఇలై బతికే ఉంటాడు, కూతురు లేదు. అతనికిప్పుడు కొత్త నటుడి గొంతు. విషయం అర్థమైన ఇలై క్రోబార్‌ను గోర్డన్ చేతికిస్తాడు. పదమూడేళ్ల పాటు ఆ చావు చుట్టూ అల్లిన ఊహలన్నీ ఒక్క దెబ్బకు చెల్లకుండా పోయాయి!

అప్పట్నుంచి ఊహించే పద్ధతే మారింది. కథ గురించి పందేలు కాసేవాళ్లు తగ్గారు. వాల్వ్ కొత్త ఆటలు ఒకే ఇంజిన్ మీద నడుస్తాయి కాబట్టి, వేరే ఆటకు చిన్న మార్పు విడుదలైనా ఆ ఫైళ్లలో దీని తాలూకు ముక్కలేమైనా మిగిలిపోయాయేమోనని జల్లెడ పడుతున్నారు. 2024, 2025ల్లో అలా దొరికిన పేరు 'హెచ్ఎల్ఎక్స్'. దాని పక్కనున్న మాటలు చదివి... నీరు పారే తీరు, వేడి, మంట, వస్తువులు ఒకదానితో ఒకటి స్పందించే పద్ధతి ఈసారి కొత్తదనమని అంచనా కట్టారు. పాత్రల గురించి అందులో పెద్దగా ఏమీ లేదు. అయినా ఇన్నేళ్లలో ఇదే కాస్త నమ్మదగ్గ జోస్యమని నాకనిపిస్తోంది. కనీసం ఇప్పుడు వాళ్లు వాల్వ్ చూసే వైపే చూస్తున్నారు.

2025 నవంబరులో వాల్వ్ మూడు వస్తువులు ప్రకటించింది. టీవీ పక్కన పెట్టుకునే ఆటల పెట్టె, కళ్లజోడు యంత్రం, కంట్రోలర్. లెక్క సరిగ్గా మూడు! ఇక ఆట కూడా వచ్చేసినట్టేనని రాత్రంతా మేల్కొన్నవాళ్లున్నారు. గోర్డన్ పేరు ఎక్కడా లేదు. మర్నాటి నుంచే కొత్త తేదీల లెక్క మొదలైంది.